పైపు దగ్గర పట్టిన నీళ్ళు

మొదటి దెబ్బ కళ్ళజోడు మోకాలి మీద పడింది. కళ్ళజోడు అంటే మనిషే. అద్దాలు తీస్తే ఎదురుగా ఏనుగు నిలబడ్డా కనపడదని క్లాసు క్లాసంతా కలిసి వాడికి ఆ పేరు ఖాయం చేసింది. వాడు కూలబడ్డాడు గానీ చేతిలో ఫోను మాత్రం వదల్లేదు. కొంపలంటుకున్నది అక్కడే.

కొట్టింది వాడితో వచ్చిన అమ్మాయికి సొంత బాబాయి.

అసలు ఆ పూట వాళ్ళు అక్కడికి ఎందుకు వెళ్ళారో చెప్పాలి. అమ్మాయీ కళ్ళజోడూ యూనివర్సిటీలో ఒకే కోర్సు చదువుతున్నారు. లా, పర్యావరణ నిర్వహణ రెండూ కలిపి చెప్పే కోర్సు అది. అచ్చంగా రెండు పడవల ప్రయాణం. పొద్దున ఒక మేష్టారు వచ్చి చట్టం ఏమంటుందో చెబుతాడు, మధ్యాహ్నం ల్యాబులో ఇంకొకాయన నీళ్ళు ఏమంటాయో చెబుతాడు. ఇద్దరికీ క్షణం పడదు. నీళ్ళ మేష్టారు నమూనా పట్టిన మరుక్షణం అందులో గాఢమైన నైట్రిక్ యాసిడ్ కొన్ని చుక్కలు వెయ్యమంటాడు. వెయ్యకపోతే నీళ్ళలో ఉన్న లోహం సీసా గోడలకు అంటుకుపోయి పరీక్షకు దొరకదట. చట్టం మేష్టారి గోల వేరు. నమూనా ఫ్యాక్టరీ మనిషి కళ్ళెదుటే పట్టాలి, రెండు సీసాలు పట్టి ఒకటి వాళ్ళ చేతికే ఇవ్వాలి, లేదంటే జడ్జి ఆ సీసా మొహం కూడా చూడడంటాడు. ఇద్దరు చెప్పిందీ తు.చ. తప్పకుండా పాటించే రకం మన అమ్మాయి.

అమ్మానాన్నా పోయాక ఆమెను కడుపులో పెట్టుకుని పెంచింది బాబాయి, పిన్ని. వాళ్ళకు పిల్లల్లేరు. బాబాయి కుళాయిలకు తళతళలాడే క్రోమియం పూత వేసే ఫ్యాక్టరీలో కాపలావాళ్ళకు పెద్ద. ఆ ఫ్యాక్టరీ వెనక గోడలోంచి ఒక పైపు బయటికొచ్చి కాలవలోకి పసుపుపచ్చ నీళ్ళు కక్కుతుంది. ఆ కాలవ పక్కనే వీళ్ళ వీధి. వీధిలో బోరు తిప్పితే అవే నీళ్ళు, కాకపోతే రంగు కాస్త తక్కువ. గిన్నెలు తోమీ తోమీ పిన్ని వేళ్ళ సందుల్లో మేకు దిగినట్టు గుంటలు పడ్డాయి. మందు రాస్తే మూసుకునేవి కావు. బాబాయికి అవి కనపడక కాదు. "సబ్బు మార్చి చూడు" అని తల తిప్పుకునేవాడు. ఆ తల తిప్పుకోవడం చూస్తే అమ్మాయికి ఒళ్ళు మండేది. ఎలాగైనా ఆ పైపు మూయించాలి, పిన్ని చేతులు మానాలి. ఈ చదువులో ఆమెకు కావలసింది అంతకు మించి ఏమీ లేదు.

చడీచప్పుడు లేకుండా వెళ్ళి పట్టుకొచ్చేద్దామన్నాడు కళ్ళజోడు. అమ్మాయి ఒప్పుకోలేదు.

"దొంగల్లా పడితే కేసు ఒక్క పూట నిలబడదు. మా బాబాయ్ ఉన్నాడుగా, ఆయన్నే ఎదురుగా నిలబెడదాం."

పొద్దున టీ తాగుతుంటే ఆయనకు చెప్పేసింది.

"బాబాయ్, ఇవాళ మీ పైపు దగ్గర నీళ్ళు పడుతున్నాం. ఫ్యాక్టరీ తరఫున నువ్వు వచ్చి నిలబడాలి. ఒక సీసా నీకే ఇస్తా."

ఆయన ముందు నవ్వాడు. "కాలవ నీళ్ళకి కూడా పిలుపులా లాయరమ్మా?" తర్వాత కప్పు కింద పెట్టాడు. "నన్ను ఇందులోకి లాగకే తల్లీ. నీకు దణ్ణం పెడతా."

"లాగడం కాదు బాబాయ్. పద్ధతి."

పద్ధతి! ఇలాంటి తప్పు చదువులేనివాళ్ళు ఛస్తే చెయ్యరు. కొట్టేవాడి ఇంటికెళ్ళి మరీ వేళ చెప్పి రావడం ఈ చదువు చదివినవాళ్ళకే చెల్లింది. అమ్మాయి చెప్పిన మాట మేనేజరుకు చేరవెయ్యక బాబాయికి గత్యంతరం లేదు, కాపలాదారు కదా. సీసాలు పెట్టుకునే ఐసు పెట్టె ఆ కాలవ గట్టు దాటితే రేపట్నించి నువ్వు గేటు దాటక్కర్లేదని మేనేజరు ముక్కుసూటిగా చెప్పాడు.

బాబాయి గట్టెక్కి వస్తుండగా, ఆయన కళ్ళెదుటే అమ్మాయి రెండు సీసాలూ నింపి గట్టు మీద పెట్టింది. చేతికి తొడుగులున్నాయి, చేతిలో మూత తీసిన యాసిడ్ సీసా ఉంది. ఆయన వెంట ఇద్దరు కాపలావాళ్ళున్నారు. ఆయన చేతిలో గేటుకు అడ్డం వేసే ఇనప రాడ్ ఉంది. బెదిరించడానికే తెచ్చాడు, అందులో అనుమానం లేదు.

"పెట్టె ఇచ్చేసి ఇంటికి పో."

"ఇదిగో, ఇది మీ సీసా. తీసుకో బాబాయ్" అని ఖాళీ చేత్తో ఒకటి ఎత్తి చూపించింది అమ్మాయి. కాపలావాళ్ళలో ఒకడు పెట్టెను తన్నాడు. ఐసుముక్కలు గట్టంతా దొర్లాయి.

కళ్ళజోడు ఫోను పైకెత్తాడు. భయపడితే వాడికి నోరు లేస్తుంది. "అంతా రికార్డవుతోంది అంకుల్! మీ ఆవిడ చేతుల ఫోటోలు కూడా ఇందులోనే ఉన్నాయి. ఆ పుళ్ళు కోర్టులో అందరికీ చూపిస్తాం!"

ఆ ఫోటోలు తీసింది అమ్మాయే. వంటింట్లో పిన్ని మొహం పక్కకు తిప్పుకుని చేతులు చాపితే తీసింది. బాబాయికి చెప్పలేదు. ఆయన మొహం నల్లబడిపోయింది.

"నా ఇంట్లో దూరి... నా పెళ్ళాం చేతులు... ఊరందరికీ చూపిస్తావురా?"

అప్పుడు పడింది మోకాలి మీద దెబ్బ. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. రెండోది భుజం మీద పడింది. ఫోను ఎగిరి కాలవలో పడింది. ఇక ఆగాలి కదా, ఆగలేదు. ఇన్నాళ్ళూ తల తిప్పుకుని బతికిన మనిషి, ఆ కసంతా ఆ కుర్రాడి మీద తీర్చుకుంటున్నాడు. మూడో దెబ్బ తల మీద పడింది. అద్దాలు పగిలి ఒక ముక్క కనుబొమలోకి దిగింది. చెవిలోంచి రక్తం కారింది. కళ్ళజోడు కేక పెట్టడం కూడా మానేశాడు. కాపలావాళ్ళు "చాలన్నా, చచ్చిపోతాడన్నా" అంటూ వెనక్కి వెనక్కి నడిచి, అక్కణ్ణించి కాళ్ళకు బుద్ధి చెప్పారు.

రాడ్ మళ్ళీ లేచింది.

"బాబాయ్!"

అమ్మాయి గొంతు చిరిగేలా అరిచింది. ఆయన ఆగాడు. నిద్రలోంచి లేపినట్టు ఇటు తిరిగాడు. రాడ్ మెల్లగా కిందికి దిగింది, కొస నేలకు తగిలింది. అమ్మాయి చూసింది. అన్నీ చూసింది. దిగిన రాడ్ చూసింది, ఆయన పెదవులు ఏదో అనబోవడం చూసింది, ఆయన కాళ్ళ దగ్గర రక్తం మడుగులో స్నేహితుణ్ణి చూసింది. ఆ క్షణాన ఆమెలో చట్టం చదువూ లేదు, నీళ్ళ చదువూ లేదు. చంపెయ్యాలన్నంత కోపం ఒక్కటే ఉంది.

యాసిడ్ ఆయన మొహాన కొట్టింది.

ఆ అరుపు మనిషిదిలా లేదు. బాబాయి మొహం చేతులతో కప్పుకుని మోకాళ్ళ మీద పడ్డాడు. వేళ్ళ మధ్య చర్మం పసుపుపచ్చగా మారుతోంది, పొగ లేస్తోంది. అప్పటికి గానీ అమ్మాయికి ఏం చేసిందో తలకెక్కలేదు. పరుగెత్తి తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్ళు కళ్ళ మీద పోసింది. "కళ్ళు తెరువు బాబాయ్, తెరువు!" అంటూ ఆయన చేతులు బలవంతంగా లాగేసింది. ఆయన కాళ్ళు నేలకేసి కొట్టుకున్నాడు, ఆమెను తన్నాడు, ఆమె మీదే పడి ఏడ్చాడు. మంచినీళ్ళు అయిపోయాయి. గట్టు మీద రెండు సీసాలున్నాయి. అందులో ఏముందో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అయినా రెండూ ఆయన కళ్ళలో పోసింది. అవీ అయిపోతే పైపు కిందికి ఈడ్చుకెళ్ళి దోసిళ్ళతో పోసింది. పైపు హోరు మధ్య ఎవరి ఏడుపు ఎవరిదో తెలియలేదు.

మర్నాటికి ఆస్పత్రిలో లెక్క తేలింది. బాబాయికి ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది చెప్పలేమన్నారు. అదే అంతస్తులో ఆ చివర కళ్ళజోడుకు తల తెరిచి ఆపరేషన్ చేశారు. స్పృహ రాలేదు. వాళ్ళమ్మ తలుపు దగ్గర నేల మీదే కూర్చుంది.

బాబాయి మంచం దగ్గరికి ఇన్‌స్పెక్టర్ వాంగ్మూలానికి వచ్చాడు. అమ్మాయిని ఒక ఆడ పోలీసు పక్కనే నిలబెట్టింది. పిన్ని మంచం పట్టీ పట్టుకుని నిలబడింది.

"ఎందుకు పోసింది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రాడ్ ఎత్తాను సార్. ఇంకో దెబ్బ వెయ్యబోతున్నాను" అన్నాడు బాబాయి కట్ల కింద నుంచి. "అది పొయ్యకపోతే ఆ పిల్లాడు చచ్చుండేవాడు. నేను చంపేసుండేవాణ్ణి. రాసుకోండి."

అమ్మాయి తలెత్తింది. పిన్ని ఆమెకేసి చూసి, ఏమీ మాట్లాడకని కళ్ళతోనే చెప్పింది. మొగుడూ పెళ్ళాలు ముందే మాట్లాడుకుని ఉన్నారన్నమాట.

ఆ ఒక్క ముక్క చాలు. రాడ్ ఎత్తి ఉంటే ఆమె చేసింది స్నేహితుడి ప్రాణం కాపాడటం, చట్టం ఆమె జోలికి రాదు. దించేశాక పోస్తే అది వట్టి కక్ష, జైలు తప్పదు. ఇది ఆమె పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పాఠమే. పైగా ఫ్యాక్టరీ మనిషి హత్య చెయ్యబోయాడని తేలితే ఆ పైపు జోలికి కోర్టే వస్తుంది. చదువు నిలబడుతుంది, పిన్ని చేతులు మానతాయి. కాపలావాళ్ళు అప్పటికే పారిపోయారు, కళ్ళజోడు స్పృహలో లేడు. కాదనేవాళ్ళు ఈ భూమ్మీద ఎవరూ లేరు.

కానీ ఆయన ఆగాడు. అంత కోపంలో, అంత రక్తంలో, తను పిలిస్తే ఆగాడు. ఆ సంగతి ఆమె చెప్పకపోతే ఇక ఎవరికీ తెలియదు. బాబాయి కన్నూ పోయి, హంతకుడి పేరూ మోసి జైలుకు పోతాడు.

"నువ్వేమంటావమ్మా? ఆయన చెప్పింది నిజమేనా?"

"కాదు సార్. దించేశాడు. నేను పిలవగానే రాడ్ దించేశాడు. దించాక పోశాను."

పిన్ని చెయ్యి ఆమె నోటి మీద పడింది. పెంచిన ఇన్నేళ్ళలో మొదటిసారి కొట్టింది, పెదవి చిట్లేలా కొట్టింది. "నోరు ముయ్యవే! ఒకళ్ళు పోయింది చాలదా? ఇద్దర్నీ పోగొట్టుకుని నేనెక్కడికి పోవాలే?" అని మళ్ళీ కొట్టబోతే పోలీసు చెయ్యి పట్టుకుంది. పిన్ని ఆ పోలీసు మీదే వాలి గుండెలు బాదుకుంది.

అమ్మాయి నోట్లో ఊరిన రక్తం మింగింది.

"ఆయన ఆగాడు సార్. నేనే ఆగలేదు."

ఇన్‌స్పెక్టర్ రాసుకుని, చదివి వినిపించి, సంతకం పెట్టమని కలం ఆమెకిచ్చాడు. "అది చిన్నపిల్ల సార్, దానిమాట పట్టించుకోకండి, దానికి చట్టం తెలీదు" అని బాబాయి కళ్ళకు కట్లతో, గోడ ఎటో మనుషులెటో తెలియక, ఖాళీ తలుపు వైపు తిరిగి అరుస్తూనే ఉన్నాడు.