హారతి వేసిన పొద్దు

రెండువేల ఆరు జూన్ మొదటి వారంలో భీమరాజుగారు నాకోసం రాజమండ్రికి కారు పంపించారు. నేను వాళ్ల ఊరు వెళ్లి ఒక్క మాట చెప్పాలి. "పంపండి" అంటే ఆయన కూతురు హారతి బొమ్మలు నేర్చుకోవడానికి వడోదరా కాలేజీకి వెళ్తుంది. "వద్దు" అంటే వెళ్లదు. సీటు వచ్చింది, పదిహేనో తారీఖులోగా చేరాలి. ఎనభై ఎకరాల ఆసామికి బొమ్మల సంగతి తెలియదు కనక నిర్ణయం నా మీద పెట్టారు. తొమ్మిదేళ్ల పాటు ఆ పిల్లకి కుంచె పట్టడం నేర్పింది నేనే. "సూర్యప్రకాశం మాస్టారు ఎంతంటే అంతేనండి" అని ఫోనులో రెండుసార్లు అన్నారు.

పంపమని చెప్పాలనే బయల్దేరాను. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

ఏడు బొమ్మలు హాల్లో గోడకి ఆనించి పెట్టి ఉన్నాయి. విశాఖపట్నంలో ఏదో చిత్రకళా శిబిరమని స్నేహితురాలు కౌముదితో వెళ్లి, నలభై రోజులుండి వేసుకొచ్చినవి. ఇంట్లోవాళ్లకి తెలిసింది అంతవరకే.

మొదటి బొమ్మ చూడగానే నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లుగా నేను సముద్రాలు వేస్తున్నాను. కల్యాణమండపాల్లో, హోటళ్లలో, డాక్టర్ల వెయిటింగ్ రూముల్లో ఉన్నవి నా సముద్రాలే. నా అలలు ఒడ్డుకేసి వస్తాయి, నురగ చిమ్ముతాయి, అక్కడితో సరి. ఈ పిల్ల అల వీపు వేసింది. ఒడ్డున నుంచున్నవాడికి అల వీపు కనబడదు. దాన్ని దాటి అవతలికి పోయి, నీళ్లలోనే ఉండి వెనక్కి తిరిగి చూసినవాళ్లకి కనబడుతుంది. ఇంకో బొమ్మలో అల విరగబోయే ముందు దాని లోపలంతా పచ్చగా వెలుగుతోంది. ఆ పచ్చ ఏ రంగులు కలిపితే వస్తుందో నాకు తెలియలేదు. దీన్ని అసూయ అంటారు, ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

"ఎలా ఉన్నాయండి మాస్టారు? మాకు నీళ్లు నీళ్లలాగే కనబడతన్నాయండి" అన్నారు భీమరాజుగారు. ఆయన భార్య శ్యామలాంబగారు నవ్వారు. హారతి మాత్రం కుర్చీ అంచున కూర్చుని నా మొహమే చూస్తోంది.

ఏడో బొమ్మ అన్నిటికన్నా పెద్దది. ఎర్రటి సూర్యుడు సగం నీళ్లలో ఉన్నాడు. నీళ్ల మీద రాగి రంగు చార. ఆ చారలో ఒక పలక మీద బోర్లా పడుకుని ఈదుతున్న చిన్న మనిషి. బొమ్మని ఒళ్లోకి తీసుకుని వెనక్కి తిప్పాను.

బొమ్మలో ఉన్న వెలుగు ఏ రోజుదో, ఏ వేళదో కాన్వాసు వెనక బొగ్గుతో రాసుకోవాలని మొదటి పాఠంలోనే చెబుతాను. పిల్ల ఆ అలవాటు మానలేదు. "మే 9, సా. 6-50" అని ఉంది.

మన తీరంలో సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు. అంతర్వేదిలో అయినా విశాఖపట్నంలో అయినా దిగేది నేల వైపే, చెట్ల వెనకో కొండల వెనకో. సాయంత్రం పూట నీళ్లలోకి దిగే సూర్యుణ్ణి చూడాలంటే దేశానికి అవతలి ఒడ్డుకి పోవాలి.

తలెత్తాను. నాకు అర్థమైందని హారతికి అర్థమైపోయింది. చేతులు ఒళ్లో బిగించుకుని, వద్దండీ అని కళ్లతోనే బతిమాలింది.

"ఇది పొద్దు పొడవడమా అమ్మా, గుంకడమా?" అని అడిగాను.

భీమరాజుగారు పకపకా నవ్వారు. "భలేవారండి! సముద్రంలో పొద్దు గుంకడం ఏంటండి? మన ఓడలరేవు ఒడ్డున మేం చూడట్లేదా?"

"పిల్లని చెప్పనివ్వండి."

పొడవడం అంటే చాలు, గండం గడిచిపోయేది. అదే అంటుందనుకున్నాను.

"గుంకడమేనండి" అంది హారతి. తర్వాత తండ్రి వైపు తిరిగింది. "నేను వైజాగ్ వెళ్లలేదు నాన్నగారూ. మంగుళూరు అవతల ఒక పల్లెకి వెళ్లాం. అక్కడ బోర్డు మీద నుంచుని అలల మీద జారుతూ వస్తారు, సర్ఫింగ్ అంటారు. నేనూ నేర్చుకున్నాను. పొద్దున్నంతా నీళ్లలో ఉండి, సాయంత్రం బొమ్మలు వేసేదాన్ని. చెప్తే పంపరని మీతో అబద్ధమాడాను. బొమ్మలో మాత్రం అబద్ధం లేదండి."

"సముద్రంలోకి దిగావా? ఎవరున్నారే అక్కడ?" అన్నారు శ్యామలాంబగారు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

భీమరాజుగారు కూతురి వైపు చూడలేదు. నా వైపే చూశారు. అంత మనిషీ నన్ను బతిమాలుతున్నారు. "నా కూతురు నాతో అలా అబద్ధమాడదండి. మీరు చెప్పండి మాస్టారు. పొడవడమా, గుంకడమా?"

"వెనక టైము రాసి ఉంది, చూడండి నాన్నగారూ" అంది హారతి.

బొగ్గు రాత ఎంతసేపు? బొటనవేలితో రెండుసార్లు రుద్దాను. కాన్వాసు తిప్పి చూపించాను. బూడిదరంగు మరక తప్ప ఏమీ లేదు.

నిజం చెప్పి ఉంటే ఇంట్లో పది రోజులు గొడవ జరిగేది. తర్వాత తండ్రి మనసు మెత్తబడేది. బొమ్మ మాత్రం నిజమైన బొమ్మగా ఉండిపోయేది. అది నేను భరించలేను.

"పొడవడమేనండి" అన్నాను. "ఈ వయసులో పిల్లలు ఏవేవో ఊహించుకుంటారు. ఎరుపు ఎక్కువైంది, అంతే. ఉదయం వెలుగు పసుపుగా ఉంటుంది."

భీమరాజుగారు గట్టిగా ఊపిరి వదిలారు. "విన్నావా అమ్మా? మాస్టారు చెప్పినట్టు దిద్దు. దిద్దితే నువ్వు వైజాగే వెళ్లావు, మేం ఇంకేం వినలేదు. దిద్దకపోతే ఇవాళ్టితో రంగులు కట్టిపెట్టు."

హారతి ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. దిద్దితే వడోదరా వెళ్లొచ్చన్న ఆశతో లేచి రంగుల పెట్టె తెచ్చుకుంది.

పళ్లెంలో నిమ్మపసుపు, తెలుపు రంగులు ట్యూబుల్లోంచి పిండి కుంచె చేతికిచ్చాను. సూర్యుడి దగ్గర మొదలుపెట్టించాను. ఎరుపు పోయింది. నీళ్ల మీది రాగి చార పోయింది. "ఇక్కడ మిగిలిందమ్మా", "నురగ మీద కూడా" అంటూ వేలితో చూపించాను. వేలు పెట్టిన చోటల్లా దిద్దింది.

"నీళ్లలో ఈ మనిషెవరు? అనవసరం, తీసేయ్" అన్నాను. అది తనే అని నాకు తెలుసు. కుంచె ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆ మనిషి మీద కూడా పసుపు పడింది.

"ఇప్పుడు బాగుందాండి?" అన్నారు భీమరాజుగారు.

"సరిపోయిందండి."

"మరి వడోదరా సంగతి చెప్పండి. పంపమంటారా?"

హారతి కుంచె పక్కన పెట్టి నిటారుగా నుంచుంది. అడిగిందల్లా చేసింది. ఇప్పుడు నేను ఇవ్వాల్సింది ఇస్తానని నమ్మింది.

"పొద్దు పొడవడానికీ గుంకడానికీ తేడా తెలియని పిల్లని అంత దూరం ఎలా పంపుతారండి? ఇంకో రెండేళ్లు నా దగ్గరే నేర్చుకోనివ్వండి."

"ఆయ్, అలాగేనండి" అన్నారు భీమరాజుగారు, భారం దిగినట్టు. శ్యామలాంబగారు వడ్డించమని వంటింట్లోకి కేకేశారు. హారతి పళ్లెం, కుంచె తీసుకుని కడగడానికి పెరట్లోకి వెళ్లింది.

నేను కడుపునిండా తిన్నాను. అలాంటి బొమ్మ ఈ జన్మలో నేను వేయలేను. ఇక ఆ పిల్లా వేయదు.