పట్టుకోవాల్నా, సార్?

ఆ పొద్దున నాచారం పెద్దల సెంటర్‌లో ఎవరూ టీ ముట్టలేదు. టీ తాగితే మెట్రోలో సగం దారిలో తిప్పలు పడతారని శ్యామలమ్మ ముందురోజే అందరినీ బెదిరించి పెట్టింది. ఆమె మాత్రం ఎర్రంచు చీర కట్టుకుని, కొంగులో మురుకుల పొట్లం దాచుకుని, అందరికంటే ముందు వ్యాన్ దగ్గరికి వచ్చేసింది. వెనకాలే మొగిలయ్య వచ్చాడు. జీవితమంతా ఫ్యాక్టరీలో మిషన్ల మధ్య గడిపిన మనిషి, ఆ రోజు తెల్లచొక్కా తొడుక్కుని సెంటు కొట్టుకొచ్చాడు.

"ఏంది మొగిలన్నా, పెండ్లికొడుకు లెక్క తయారైనవ్?"

"ఏసీ రైలెక్కుతున్న అక్కా! జర ఇజ్జత్‌గ ఉండాలె గదా."

"నీ సెంటు వాసనకు ఆ రైలు ఆగిపోకుంటె చాలు."

వ్యాన్ అంతా నవ్వులే. వాళ్లలో చాలామంది రోజూ మెట్రో పట్టాల కింద నుంచి పోయినవాళ్లే కానీ, పైకెక్కి చూసినవాళ్లు లేరు. సెంటర్ సూపర్‌వైజర్ స్వర్ణలత కూడా నవ్వింది. కానీ ఆమె కన్ను ఒకటి గంగాధరరావు మీదే ఉంది.

గంగాధరరావు తెనాలి వైపు మనిషి, ప్రభుత్వాఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరయ్యాడు. రెండేళ్ల కిందట భార్య పోయాక, నాచారంలో ఒక పోర్షన్‌లో ఒంటరిగా ఉంటూ పగళ్లు సెంటర్‌లో గడుపుతున్నాడు. మెట్రో ప్రయాణం పెట్టించింది ఆయనే. ఉప్పల్‌లో ఎక్కి రాయదుర్గం దాకా పోయి తిరిగి రావాలని పట్టుబట్టాడు. ఇప్పుడు బూట్లు తళతళలాడేలా తుడుచుకుని వచ్చి, వ్యాన్‌లో ఎవరితోనూ మాట్లాడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆయనతో వేగడం కష్టం. ఉప్మాలో ఉప్పు దగ్గర ఒకసారి, కుర్చీ జరిపారని మరోసారి, సంతోషి మీద గట్టిగా అరిచాడు. సంతోషి సెంటర్‌లో పెద్దవాళ్లకు వండిపెట్టడానికి, చూసుకోవడానికి కొత్తగా చేరిన అమ్మాయి. జనగామ నుంచి వచ్చి ఉప్పల్‌లో హాస్టల్‌లో ఉంటోంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ముందురోజు సాయంత్రం సెంటర్ అధ్యక్షుడు స్వర్ణలతకు ఫోన్ చేసి తేల్చి చెప్పేశాడు. ఆ ఇద్దరి మధ్య ఇంకొక్క గొడవ జరిగితే ఎవరో ఒకరు వెళ్లిపోవాల్సిందే. ఆయనా, ఆ పిల్లా, అన్నది ఆమే చూసుకోవాలి.

ఇంతకాలం స్వర్ణలతకు తెలిసిన పద్ధతి ఒకటే. పెద్దవాళ్లలో ఎవరైనా గొంతు లేపితే వెంటనే క్షమించమని అడిగి, మనిషిని మార్చేది. గంగాధరరావు దగ్గర అలా ఇద్దరిని మార్చింది. ఇక మార్చడానికి ఎవరూ మిగల్లేదు.

ఉప్పల్ చౌరస్తాలో వ్యాన్ ఆగింది. బస్సుల హారన్లు, ఆటోవాళ్ల కేకలు, వాటి మీద ఆకాశంలో వంతెన లాగా తిరిగిన స్కైవాక్. మొగిలయ్య తల వెనక్కి వాల్చి చూస్తూ నిలబడిపోయాడు. శ్యామలమ్మ ఆయన చొక్కా పట్టి లాగింది.

"నోట్లె ఈగ పోతది, నడువు!"

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లిఫ్ట్ వైపు కదిలారు. గంగాధరరావు మాత్రం తిన్నగా ఎస్కలేటర్ దగ్గరికి నడిచాడు. మెట్లు నేలలోంచి పుట్టుకొచ్చి పైకి పోతున్నాయి. ఆయన వాటినే చూస్తూ నిలబడ్డాడు. వెనక జనం పోగయ్యారు. పక్కనుంచి తప్పుకుని ఎక్కిపోతున్నారు. ఆయన ఊపిరి బిగబట్టి కుడికాలు లేపాడు.

సరిగ్గా అప్పుడే సంతోషి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"సార్, జర పైలం..."

ఫట్‌మని శబ్దం. ఆయన ఆమె చేతి మీద కొట్టాడు.

"వదులు! ముట్టుకోవద్దన్నానా? వదలమంటే అర్థం కాదా నీకు?"

సంతోషి చెయ్యి గుండెకు ఆనించుకుని వెనక్కి జరిగింది. ఎవరో కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తారు. "పెద్దాయన ఫుల్ ఫైర్ మీద ఉన్నడు రా!" అని ఒకడన్నాడు. సంతోషి మెడలోని ఐడీ కార్డు తీసి స్వర్ణలత చేతిలో పెట్టబోయింది.

"నేను పోత మేడం. ఇగ నాతోని గాదు. నేనేం జేసిన, పడిపోతడని పట్టుకున్న. గంతే గదా?"

అధ్యక్షుడు అన్న ఆ ఇంకో గొడవ ఇదే. స్వర్ణలత బుర్ర ఎన్నడూ లేనంత చురుగ్గా పనిచేసింది. ముందు జనం. ఫోన్లెత్తిన కుర్రాళ్లకు అడ్డంగా నిలబడింది.

"తమ్మీ, షూటింగ్ గాదిది. మీ తాతను ఎవరన్న గిట్ల తీస్తే ఊకుంటరా? నడువున్రి."

ఫోన్లు దిగిపోయాయి. తర్వాత మొగిలయ్యను పిలిచింది.

"మొగిలన్నా, అందరినీ లిఫ్ట్‌ల పైకి తీస్కపోయే బాధ్యత నీది. పైన ఉండున్రి, మేమొస్తం."

"నేనా?" అన్నాడు మొగిలయ్య. చొక్కా సర్దుకుని, "చలో చలో! లైన్ల నడువున్రి!" అని ఒక్కసారిగా పోలీసాయన గొంతు తెచ్చుకున్నాడు.

ఆమె కార్డు తీసుకోలేదు. "పోతె పోదువు గని. ఇప్పుడైతె ఈడనే నిలబడు, మా మాటలు నీకు వినిపించాలె," అని సంతోషిని పక్కన నిలబెట్టి, గంగాధరరావు దగ్గరికి వెళ్లింది. ఆయన గోడకు ఆనుకుని ఉన్నాడు. ముఖమంతా చెమట.

"సార్, మీరు ఆ పిల్ల చేతి మీద కొట్టిన్రు. అది తప్పు. ముందు ఆ మాట చెప్పాలని వచ్చిన."

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. ఆమె నుంచి ఎప్పుడూ వినే మాట అది కాదు.

"వేరే మనిషిని పంపండి స్వర్ణలత గారూ. ఈ అమ్మాయి వద్దు."

సరేనన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఏళ్లుగా అలవాటైన మాట. ఆమె దాన్ని మింగింది.

"పంపను సార్. సంతోషి మంచి మనిషి. ఆమె ఏం జేస్తె మీకు గంత కోపమొచ్చిందో నాకు గాదు, ఆమెకే చెప్పున్రి. నేను ఇక్కడనే ఉంట."

చెప్పి ఊరుకుంది. ఆ ఊరుకోవడమే ఆమెకు అన్నిటికంటే కష్టమైంది. తలపై మెట్రో ఒకటి గడగడమంటూ పోయింది. ఆ చప్పుడు ఆగేదాకా, ఆగాక కూడా, ముగ్గురూ మాట్లాడలేదు. నోరు తెరవడానికి ఆమెకు వంద కారణాలు తోచాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు.

చివరికి గంగాధరరావు సంతోషి వైపు తిరిగాడు.

"కొట్టాను. తప్పే." ఎస్కలేటర్ వైపు చెయ్యి చూపించాడు. "మా ఆవిడ కమలకుమారి ఒక మాల్‌లో ఇలాంటిదే చూసి భయపడింది. ఏం కాదు రావే అని చెయ్యి పట్టుకుని లాగాను. నేను ఎక్కాను. ఆవిడ అడుగు అందుకోలేక పడిపోయింది."

సంతోషి చెయ్యి గుండె మీద నుంచి కిందికి దిగింది.

"ఆ తర్వాత మంచం దిగలేదు. అప్పటినుంచి నేను ఇది ఎక్కలేదు. ఇవాళ ఎక్కుదామనే వచ్చానమ్మా. కాలు లేపాను కూడా. చెయ్యి తగలగానే..." ఆయన వాక్యం పూర్తి చేయలేదు.

మెట్రో కోసం ఆయన అంత పట్టుబట్టింది ఎందుకో స్వర్ణలతకు అప్పుడర్థమైంది. ఆయనకు రైలు కాదు, ఈ మెట్లు కావాలి. ఇంకొకటి కూడా అర్థమైంది. పెద్దవాళ్లు అడుగు వేయబోతుంటే వెంటనే మోచెయ్యి పట్టుకోవాలని కొత్తవాళ్లందరికీ మొదటిరోజే నేర్పింది తానే. సంతోషి ఆ పాఠమే అప్పజెప్పింది.

"పట్టుకొమ్మని నేర్పింది నేనే సార్," అంది. "ముందు అడగాలని నేర్పలే."

సంతోషి కళ్లు తుడుచుకుంది. కార్డు మళ్లీ మెడలో వేసుకుంది. ఆయన ఎదురుగా, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"పట్టుకోవాల్నా, సార్?"

"వద్దు."

"మరి నేనేం జేయాలె? చెప్పున్రి."

గంగాధరరావు ఆలోచించాడు. "నువ్వు ముందు ఎక్కు. పైన నిలబడు. నాకు కనిపించేటట్టు."

అంతే, ఆ పిల్ల పరుగెత్తింది! కదులుతున్న మెట్ల మీద కూడా అంగలేసుకుంటూ పోయి, పైన రెయిలింగ్ పక్కన నిలబడి చున్నీ ఊపింది. ఈలోగా మొగిలయ్య పటాలం లిఫ్ట్ దిగి అక్కడికే చేరింది. విషయం ఎవరు చెప్పారో, ఎంత చెప్పారో తెలియదు, అందరూ రెయిలింగ్ మీదికి వంగి కిందికి చూస్తున్నారు.

"రా సారూ! మురుకులు నీకు దాసిపెట్టిన!" అని శ్యామలమ్మ కేక.

గంగాధరరావు మెట్టు ముందు నిలబడ్డాడు. ఒక మెట్టు పోయింది. ఇంకొకటి పోయింది. కాలు లేచింది, దిగింది. పక్కనే స్వర్ణలత చెయ్యి తనంతట తానే లేచింది. ఆమె దాన్ని రెండో చేత్తో పట్టి వెనక్కి లాక్కుంది. పడితే? పడితే తనదే బాధ్యత, అది ఆమెకు తెలుసు. అయినా కదల్లేదు.

ఆయన అడుగు వేశాడు.

ఒళ్లు ఊగింది. చెయ్యి నల్లటి రబ్బరు పట్టీని పట్టుకుంది. రెండో కాలూ మెట్టు మీదికి వచ్చింది. మెట్టు లేచింది, దాంతో ఆయన లేచాడు. చూపు సంతోషి మీద నుంచి పక్కకు పోలేదు. స్వర్ణలత కింది మెట్టు మీదికి ఎక్కి, ఆయన వీపు చూస్తూ పైకి పోయింది.

"వచ్చిండు వచ్చిండు... ఇంకొంచెం... కాలు లేపు సారూ!" అని పైనుంచి అందరి కేకలు.

ఆయన కాలు లేపాడు. గట్టి నేల మీద పెట్టాడు.

"సిక్సర్!" అని మొగిలయ్య గాల్లోకి ఎగిరాడు. ఆ వయసులో అంత ఎత్తు ఎగురుతాడని ఎవరూ అనుకోలేదు. స్కైవాక్ మీద పోతున్నవాళ్లు స్టేడియంలో మ్యాచ్ గానీ ఉందేమోనని తొంగి చూశారు. శ్యామలమ్మ మురుకుల పొట్లం విప్పేసింది. గంగాధరరావు వంగి ఒకసారి కిందికి చూశాడు. తర్వాత జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపే తుడుచుకున్నాడు. ఎవరూ ఆయన దగ్గరికి పోలేదు.

స్వర్ణలత ఫోన్ మోగింది. అధ్యక్షుడు.

"అంతా సజావుగా ఉందా? గొడవ ఏమైనా అయిందా?"

"అయింది సార్."

"అయితే ఎవరు పోతున్నారు?"

ఆమె ముందుకు చూసింది. స్టేషన్‌లో ప్లాట్‌ఫారానికి ఇంకో ఎస్కలేటర్ ఉంది. దాని ముందు గంగాధరరావు ఆగాడు. ఆయన పక్కన సంతోషి, చేతులు వెనక్కి పెట్టుకుని.

"పట్టుకోవాల్నా, సార్?"

"అడిగావు కదా, చాలు. నువ్వే జాగ్రత్త, ఇందాక పరుగెత్తినట్టు పరుగెత్తకు. నీకు దెబ్బ తగిలితే రేపు ఉప్మాలో ఉప్పు ఎవరు తగ్గిస్తారు?"

"తగ్గియ్య సార్. రేపు ఎక్కువేస్త!"

పైన రైలు వస్తున్న చప్పుడు. మొగిలయ్య "లైన్ల రావాలె!" అని అరుస్తున్నాడు, కానీ ఆ లైను ఎప్పుడో చెదిరిపోయింది.

"వినపడుతోందా? ఎవరు పోతున్నారంటున్నా!" ఫోన్‌లో అధ్యక్షుడు గొంతు పెంచాడు.

"అందరం పోతున్నం సార్, రాయదుర్గం దాక," అంది స్వర్ణలత. "మల్ల అందరం తిరిగొస్తం. సెంటర్ ఇడిసి ఎవరు పోరు. ఎందుకన్నది సాయంత్రం వచ్చి చెప్త, రైలొచ్చింది!"

ఫోన్ పర్సులో పడేసి, ఆమె కూడా పరుగెత్తింది.