కట్టినవాడే విప్పాలి

బ్యాటరీ తీగ ఊడదీసి, దాని కొసకు ప్లాస్టిక్ కవరు చుట్టి, బ్రహ్మచారి నాలుగడుగులు వేశాడు. మళ్లీ వెనక్కి వచ్చి చూశాడు. తీగ ఊడే ఉంది. ఇంకో నాలుగడుగులు వేసి మళ్లీ వచ్చాడు. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనిని మూడుసార్లు చూసుకుంటున్నాడంటే, అది పని మీద శ్రద్ధ కాదు. తన మీద తనకు నమ్మకం పోయింది.

"ఊడదీసినవ్ చారన్నా, నేను సుత చూసిన," అన్నాడు లారీ డ్రైవర్ తుకారాం జాలిగా. ఆ జాలే బ్రహ్మచారికి ఒంట్లో ముల్లులా దిగింది.

పొట్టి మనిషి. బండ్ల కింద దూరీ దూరీ నడుము కొంచెం వంగింది. కుడిచేతి చూపుడువేలి కొసను ఎప్పుడో ఫ్యాన్ బెల్టు తినేసింది, అందుకే ఏ ముడి వేసినా ఎడమచేత్తో వేస్తాడు, ఆ ముడి ఎడమకే వాలుతుంది. అల్వాల్ వెళ్లే రోడ్డు మీద భద్రయ్య లారీ షెడ్డు పెట్టిన నాటి నుంచీ అక్కడ కరెంటు పని ఆయనదే. భద్రయ్య పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు షెడ్డు నడిపేది ఆయన భార్య కమలాబాయి. భద్రయ్యను అన్నా అని పిలిచిన నోటితోనే ఆమెను వదినె అంటాడు.

షెడ్డులో ఆయన పెట్టిన నియమం ఒకటుంది. లారీకి ఎక్కడ వెల్డింగ్ చేయాలన్నా ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలి. లేకపోతే వెల్డింగ్ కరెంటు ఛాసిస్ పట్టుకుని పాకి, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌ను మాడ్చేస్తుంది. తీగ ఊడదీశాక ఎర్రగుడ్డ ముక్కలు రెండు కట్టాలి. ఒకటి తీగ కొసకు, రెండోది స్టీరింగ్‌కు. స్టీరింగ్ మీద ఎర్రగుడ్డ కనిపిస్తేనే వెల్డింగ్ మొదలవుతుంది. కట్టినవాడే దాన్ని విప్పాలి. షెడ్డు ఓనరైనా సరే, చెయ్యి పెట్టకూడదు. ఆ గుడ్డ ఆయన భార్య అనుపమకు ఏదో పేరంటంలో వచ్చిన జాకెట్టు ముక్క. కంట్లో పొడిచే ఎరుపు, అంచుకు జరీ. "ఇది నేను తొడుక్కోను, నీ లారీలకే కట్టుకో," అని ఆమె పడేసింది.

సోమవారం తుకారాం లారీకి సామాన్ల పెట్టె పట్టీ విరిగితే వెల్డింగ్ పెట్టారు. సాయంత్రం చూస్తే బండి స్టార్ట్ కాలేదు. కంప్యూటర్ మాడిపోయింది. స్టీరింగ్ మీద గుడ్డ ఉంది. తీగ మాత్రం బ్యాటరీకే ఉంది, తీగకు చుట్టిన ముక్క ఎక్కడా లేదు.

"ఉస్తాద్ తీగ తీసుడు యాదిమరిచినట్టున్నడు," అన్నాడు లక్ష్మణ్ అందరి ముందూ.

లక్ష్మణ్‌కు పదకొండేళ్ల కింద టెస్టర్ పట్టుకోవడం నేర్పింది బ్రహ్మచారే. తర్వాత వాడు ల్యాప్‌టాప్ నేర్చుకున్నాడు. అందుకు ఆయన మురిసిపోయాడు కూడా. ఆ రోజు వాడి మాటకు ఎదురు చెప్పలేదు. చెప్పడానికి ధైర్యం లేకపోయింది. పోయిన వారమే చిలకలగూడలోని ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయి గిన్నె మాడబెట్టాడు. తీగ తీసినట్టే జ్ఞాపకం. కానీ ఆ జ్ఞాపకాన్ని ఏం నమ్మేది? మరుపు వచ్చిన ఎలక్ట్రీషియన్‌ను ఎవరు బండి ముట్టనిస్తారు? మూడు రోజులుగా ఆయనకు అన్నం సయించలేదు.

ఈ ఉదయం కొత్త కంప్యూటర్ వచ్చింది. పాతదాన్ని తీసి కొత్తది పెట్టాలి, ఇందాక తీగ ఊడదీసింది అందుకే. స్టీరింగ్‌కు మిగిలిన ఎర్రముక్క కట్టి, బ్రహ్మచారి క్యాబిన్‌లోకి ఎక్కి ఎడమ సీటు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. నాలుగు బోల్టులు విప్పి, పాత కంప్యూటర్‌కు అడ్డంగా ఉన్న అట్ట పక్కకు పెట్టాడు. టిఫిన్ డబ్బా మూతంత అల్యూమినియం పెట్టె, దానికి రెండు పెద్ద ప్లగ్గులు. లాకులు ఎత్తి, తీగలు పట్టి లాగకుండా, ప్లగ్గునే పట్టి మెల్లగా ఊపి ఊడదీశాడు. పిన్నుల మీద చిలుము లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వాసన కొట్టింది.

తీసిన బోల్టులు పోకుండా, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే సాకెట్ పక్కనున్న అరలో వేయబోయాడు. అక్కడ పాత రసీదుల వెనక చేతికి మెత్తగా ఏదో తగిలింది. బయటికి లాగాడు.

ఎర్రగుడ్డ ముక్క. జరీ అంచు. చుట్టి చుట్టి ముడతలు పడిన చోట బ్యాటరీ చిలుము నీలంగా అంటుకుని ఉంది.

ముందు కలిగింది సంతోషమే. నా మతి పోలేదు! తీగ ఊడదీశాను, గుడ్డ చుట్టాను, అన్నీ చేశాను! కళ్లలో నీళ్లు తిరిగాయి. అనుపమకు ఇప్పుడే ఫోన్ చేసి చెబుదామనిపించింది. ఆ తర్వాతే అసలు సంగతి అర్థమైంది. ఎవరో ఈ ముక్క విప్పి, ఫోన్ ఛార్జింగ్ కోసం తీగ తగిలించారు. వెల్డింగ్ మనిషి స్టీరింగ్ మీది గుడ్డను నమ్మి పని మొదలుపెట్టాడు. సోమవారం మధ్యాహ్నం క్యాబిన్‌లో కాళ్లు చాపుకుని ఫోన్‌లో క్రికెట్ చూసింది ఒక్క లక్ష్మణే.

ముక్కను జేబులో పెట్టుకుని కొత్త కంప్యూటర్ బిగించాడు. బ్యాటరీ తీగ తగిలించి, స్టీరింగ్ గుడ్డ విప్పి, తాళం తిప్పాడు. లక్ష్మణ్ వచ్చి స్టూలు మీద ల్యాప్‌టాప్ పెట్టి వైరు కలిపాడు.

కొత్త కంప్యూటర్‌కు ఈ ఇంజన్ ఇంకా పరాయిదే. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు ఆరు. ఒక్కోదానికి ఒక కోడ్ ఉంటుంది. అవన్నీ ఎక్కిస్తే గాని ఇంజన్ సరిగ్గా నడవదు. పొద్దునే ఇంజన్ మూత మీది మసిని కిరోసిన్‌తో తుడిచి, దాని మీద చెక్కిన ఆ కోడ్‌లను బ్రహ్మచారి కాగితం మీద రాసుకున్నాడు.

"చదువు ఉస్తాద్."

ఒక్క అక్షరం మార్చి చదివితే చాలు. బండి నల్లపొగ కక్కుతుంది, ల్యాప్‌టాప్ పట్టినవాడి పేరు పోతుంది. ఆ ఆలోచన వచ్చింది. రాలేదంటే అబద్ధం. నాలుగో కోడ్ దగ్గర కాసేపు ఆగాడు కూడా.

"ఏందీ, కనవడ్తలేదా?"

"కనవడ్తుంది," అని ఆరూ ఉన్నవి ఉన్నట్టు చదివాడు. తుకారాం తాళం తిప్పగానే ఇంజన్ ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. ఆ చప్పుడులోనే బ్రహ్మచారి జేబులోంచి గుడ్డముక్క తీసి ల్యాప్‌టాప్ మీద పెట్టాడు.

లక్ష్మణ్ దాన్ని చూశాడు. తల ఎత్తలేదు.

"ఐదు నిమిషాలే పెట్టిన ఉస్తాద్. వెల్డింగ్ షురూ అయితదనుకోలె."

"నాకు చెప్పొద్దా?"

"కమలాబాయికి చెప్పిన. మంగళారం పొద్దుగాల్నే. ఉస్తాద్‌కు చెప్తనంటె ఆమెనే వద్దన్నది."

ఆఫీసు గదిలో భద్రయ్య ఫోటో కింద కమలాబాయి కూర్చుని ఉంది. బ్రహ్మచారి చేతిలోని గుడ్డ చూడగానే ఆమెకు విషయం తెలిసిపోయింది. అడగకముందే ఫ్లాస్కులోంచి చాయ్ పోసింది.

"కూసో చారన్నా."

"నీకు ఎరుకేనా వదినె?"

"ఎరుకే." ఆమె తల తిప్పుకోలేదు. "ఆ ల్యాప్‌టాప్ పని వానికి తప్ప ఎవ్వరికి రాదు. పేరు చెడిందంటె పక్క షెడ్డుకు పోతడు. నువ్వు యాడికి పోతవ్? నువ్వు మనోనివి. మనోనివనే తప్పు నీ మీదనే ఉండనిచ్చిన."

పరాయివాడై ఉంటే బాగుండేదని బ్రహ్మచారికి జీవితంలో మొదటిసారి అనిపించింది.

"మూడు దినాలు నాకు మతి పోయిందనుకున్న వదినె," అన్నాడు. "ఇంట్ల గ్యాస్ బంద్ చేసిన్నా లేదా అని నాలుగుసార్లు లేసి చూసుకున్న."

ఆమె చాయ్ గ్లాసును ఆయన వైపు జరిపింది. ఆయన ముట్టలేదు.

లారీ ఇంజన్ ఆపి, తుకారాం కాగితాల కోసం ఆఫీసుకు వెళ్లాడు. బ్రహ్మచారి రోజూలాగే సర్ఫ్‌తో మోచేతుల దాకా కడుక్కుని, ఖాకీ చొక్కా విప్పి మడతపెట్టి, తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. ఇంకా మూడున్నరే అయింది. టెస్టర్ జేబులో పెట్టుకుని లారీ ఎక్కి, ఒక్క నిమిషంలో దిగాడు. గేటు దాటి, సికింద్రాబాద్ బస్సు ఆగే వైపు నడిచాడు. ఎవరూ పిలవలేదు. చాయ్‌కి వెళ్తున్నాడనుకున్నారు.

తుకారాం వచ్చి తలుపు తీసి అక్కడే ఆగిపోయాడు.

"చారన్న యాడ?"

లక్ష్మణ్ వచ్చి తొంగి చూశాడు. ఫోన్ చేశాడు. రింగవుతోంది గాని ఎత్తడం లేదు. బ్యాటరీ పెట్టె దగ్గరికి పోయి చూసి వచ్చాడు.

"తీగ ఉన్నదే. ఏం కాదు, ఇప్పుకొని పో."

"నేను కట్టలే," అన్నాడు తుకారాం. "కట్టినోన్ని పిలువు."

లక్ష్మణ్ మెట్టెక్కి చెయ్యి చాపాడు. ఆఫీసు గుమ్మంలో నిలబడి కమలాబాయి చూస్తోంది. బండి ముందద్దంలోంచి వెల్డింగ్ మనిషి, టైర్ల మనిషి, అందరూ చూస్తున్నారు. చాపిన చెయ్యి చాపినట్టే కాసేపు ఉండి వెనక్కి వచ్చింది. వాడు మెల్లగా కిందికి దిగాడు.

స్టీరింగ్ మీద రెండు ఎర్రముక్కలు, ఒకదానికి ఒకటి కలిపి గట్టిగా కట్టి ఉన్నాయి, ముడి ఎడమకు వాలి ఉంది.