మంచం కింది వెచ్చదనం

ఈసారి క్యాంపింగ్‌లో కుళాయి ఒక్క పూట ఆగినా కారు వెనక తగిలించుకెళ్లే ట్రైలర్ ఇంటిని అమ్మేస్తానని భీమారావు భార్యకు మాట ఇచ్చాడు. మాట ఇచ్చాడనడం కంటే, సూర్యకుమారి ఆ మాట అంది, ఆయన తలూపాడు అనడం న్యాయం. ముప్పై ఆరేళ్ల కాపురంలో వాళ్లింట్లో ఒప్పందాలన్నీ అలాగే కుదిరాయి.

కొనేవాడు కూడా సిద్ధంగా ఉన్నాడు. ఆయన రిటైరైన డాక్టర్ జనార్ధనరావు. ఆయనకి ఇప్పటికే ఒక ట్రైలర్ ఉంది. రెండోది అల్లుడి కోసం చూస్తున్నాడు. అల్లుడు అడగలేదు.

కిందటేడు చలికాలంలో మొదటి రోజే పైపు గడ్డకట్టింది. సూర్యకుమారి రెండు రోజులు సీసా నీళ్లతో మొహం కడుక్కుంది. ఆ అవమానం ఆమె ఎవరికీ చెప్పుకోలేదు, కెనడాలో తాముండే విండ్సర్ ఊళ్లోని తెలుగువాళ్లకు తప్ప.

"అసలు చలికాలంలో ఎందుకండీ?" అని అందరూ అడిగేవాళ్లే. వేసవిలో క్యాంపు సైట్ల బుకింగ్ పొద్దున ఏడింటికి తెరుస్తారు. ఏడూ రెండుకి అయిపోతాయి. ఆ రెండు నిమిషాలూ భీమారావు పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకుంటూ ఉంటాడు. ఫిబ్రవరిలో అయితే ఏ సైటు కావాలంటే ఆ సైటు. దీన్ని ఆయన 'ప్రకృతితో ఏకాంతం' అంటాడు. ఎవరూ రాని చోటికి మనమే ఎందుకెళ్లాలని సూర్యకుమారి అంటుంది. కొన్న వస్తువు వాకిట్లో ఊరికే నిలబడి ఉంటే కడుపు రగిలిపోతుందన్న అసలు కారణం ఇద్దరూ అనరు.

కానీ ఆ ట్రైలర్ పోతే భీమారావుకి ఇంకేం మిగలదు. కార్ల ఫ్యాక్టరీలో పాతికేళ్లు ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు. ఇప్పుడు ఇంట్లో గరిటె ఎక్కడుండాలో, సోఫా ఎటు తిరగాలో, హీటు ఎన్ని డిగ్రీలుండాలో ఆయన్ని ఎవరూ అడగరు. ఇరవై నాలుగడుగుల ట్రైలర్‌లో మాత్రం మంచం కింద ఒక అర ఆయనది. అందులో నీళ్ల ట్యాంకు, పంపు, పైపులు ఉంటాయి. ట్రైలర్ కొన్నప్పుడు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు, చిన్న స్టవ్ మీద పాలు పొంగించబోయారు. పాలు పొంగలేదు, అడుగంటాయి. ఆ రోజు కూడా భీమారావు మంచం కిందే ఉన్నాడు.

ఈ ఏడాది ఆయన ఆ పంపుకి ఒక కరెంటు హీటింగ్ ప్యాడ్ చుట్టాడు. దాని మీద వెండి రంగు రేకు దుప్పటి కప్పాడు. ప్యాడ్‌కి ఒక చిన్న థర్మామీటర్ అతికించాడు. అది గంటకోసారి మంచం కింద ఎన్ని డిగ్రీలుందో ఫోన్‌కి కబురు పంపుతుంది. పక్కన 'అంతా సవ్యం' అని పచ్చ టిక్కు కూడా పెడుతుంది. భీమారావుని పట్టించుకుని గంటకోసారి పలకరించేది ప్రపంచంలో అదొక్కటే.

ఫిబ్రవరి లాంగ్ వీకెండ్‌కి ఈరీ లేక్ ఒడ్డున ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో మూడు ట్రైలర్లు పక్కపక్కన ఆగాయి. మొదటిది భీమారావుది. రెండోది జనార్ధనరావు, ఆయన భార్య సరోజనలది. మూడోది కొమరయ్యది. కొమరయ్య భీమారావుతో పాటు అదే ఫ్యాక్టరీలో మెషిన్ల మీద పనిచేసి రిటైరయ్యాడు. భార్య మాంట్రియల్‌లో కూతురి దగ్గరుంది కాబట్టి ఒక్కడే వచ్చాడు, సంతోషంగా ఉన్నాడు.

అందరూ ఇంటి గొడవ వదిలి ప్రకృతిలోకి వచ్చారు. వస్తూ ప్రెషర్ కుక్కర్లు, తొమ్మిది రకాల పచ్చళ్లు, కరివేపాకు కుండీ తెచ్చుకున్నారు. ట్రైలర్ గుమ్మం దగ్గర చెప్పులు విప్పే ఆచారం కూడా వదల్లేదు. దాంతో బయట మైనస్ పద్నాలుగులో బూట్లన్నీ వరసగా గడ్డకట్టేవి. చుట్టం చూపుగా వచ్చినవాళ్లు వెళ్లేటప్పుడు ఎవరి బూట్లు వాళ్లు నేల మీంచి పీక్కోవాల్సి వచ్చేది. సెలవు తీసుకోవడానికి పావుగంట పట్టేది.

ఈ బృందానికి ఒక నియమం ఉంది. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వంతుల వారీగా ఒకరి ట్రైలర్‌లో దోసెలు. నియమమైతే ఉంది కానీ దోసెలే ఇంతవరకూ రాలేదు. చలికి పిండి పులవదు. కిందటిసారి సరోజన దోసెలని పిలిచి ఉప్మా పెట్టింది. అంతకుముందు కొమరయ్య దోసెలని పిలిచి బ్రెడ్డు ప్యాకెట్టు విప్పాడు.

ఈసారి వంతు సూర్యకుమారిది.

శనివారం సాయంత్రం బయట నెగడు వేశారు. భీమారావు ఫోన్ తీసి అందరికీ చూపించాడు.

"చూడండి. ఇరవై ఆరు డిగ్రీలు. మంచం కింద మే నెల నడుస్తోంది."

"ఏమోనండీ, నేనైతే పంపుని నమ్మను. ఇవన్నీ అందరివల్లా కావు" అన్నాడు జనార్ధనరావు. గుండె ఆపరేషన్లు చేసిన చేతులు కాబట్టి అన్ని పంపుల గురించీ ఆయన అలాగే మాట్లాడతాడు.

"అన్నా, గీ చలిల నిజంగ ఇరవై ఆరా?" కొమరయ్య ఫోన్‌లోకి తొంగి చూశాడు. "అయితే రేపు నేనొచ్చి మీ మంచం కిందనే పంటా."

సూర్యకుమారి, సరోజన ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి ఇద్దరూ "చలిగా ఉంది" అని లోపలికి వెళ్లిపోయారు. భీమారావు దాన్ని పట్టించుకోలేదు. అప్పుడాయన జనార్ధనరావుకి రేకు దుప్పటి మందం గురించి చెబుతున్నాడు. జనార్ధనరావు వినడం లేదు.

ఆదివారం పొద్దున ఏడింటికి భీమారావు పళ్లు తోముకుందామని కుళాయి తిప్పాడు. మంచం కింద పంపు 'ర్‌ర్‌ర్' అని మూలిగింది. నీళ్లు రాలేదు. గబుక్కున కుళాయి కట్టేసి ఫోన్ చూశాడు. ఇరవై ఆరు డిగ్రీలు. అంతా సవ్యం.

ఇంకోసారి తిప్పాడు. ర్‌ర్‌ర్. ఫోన్ చూశాడు. అంతా సవ్యం.

ఇంజనీరుకి దీనికంటే నరకం లేదు. లెక్క ప్రకారం నీళ్లు వస్తున్నాయి. నోట్లో పేస్టు నురగతో ఆయన నిలబడిపోయాడు. చివరికి సీసా నీళ్లు పుక్కిలించి, కుళాయి కింద సింకులో కొంచెం పోసి, ఇప్పుడే వాడినట్టు తడిపి పెట్టాడు.

సూర్యకుమారి మంచం మీద కూర్చుని ఉంది. మామూలుగా ఆ సమయానికి ఆమె లేచి టీ పెడుతుంది. ఇవాళ కదల్లేదు.

"ఏవండీ, అలా బయట నడిచి రండి. ఎండ బాగుంది" అంది.

ఎండ లేదు.

"నువ్వే వెళ్లి వాష్‌రూమ్ బిల్డింగులో స్నానం చేసి రా కుమారీ. అక్కడ వేణ్ణీళ్లు ధారాళంగా వస్తున్నాయట" అన్నాడు.

"ఎందుకు? మన కుళాయికేం?"

"దానికేం. రాయిలా ఉంది."

ఆ పోలిక ఎందుకొచ్చిందో ఆయనకే తెలియలేదు. ఇద్దరూ కదల్లేదు. ఈమె మంచం దిగితే పరుపెత్తి పంపు చూద్దామని ఆయన. ఈయన బయటికి వెళ్తే బాగుండునని ఆమె. ఎందుకలా కోరుకుంటోందో ఆయనకి అర్థం కాలేదు. ముప్పై ఆరేళ్లలో ఆమె ఆయన్ని ఎండలోకి పంపడం ఇదే మొదటిసారి. పది నిమిషాలు చూసి, ఓడిపోయి, బూట్లు పీక్కుని ఆయనే బయటపడ్డాడు.

పక్కన కొమరయ్య మంచు ఊడుస్తున్నాడు.

"కొమరయ్యా, నీకొక్కడికే చెబుతున్నా. కుళాయి రావడం లేదు. ఇంట్లో తెలియకూడదు. తెలిస్తే ట్రైలర్ ఇవాళే ఆ డాక్టరు గారి అల్లుడిదవుతుంది."

"నేనెందుకు చెప్తా అన్నా? నా నోట్ల నుంచి ఒక్క ముక్క రాదు. మీరు పరేషాన్ కాకుండ్రి."

కొమరయ్య నోటి నుంచి నిజంగానే ఒక్క ముక్క రాలేదు. హెయిర్ డ్రయ్యర్ కావాలని వెళ్లి జనార్ధనరావు వాళ్ల ట్రైలర్ తలుపు మాత్రం కొట్టాడు. బట్టతల మనిషి పొద్దున్నే హెయిర్ డ్రయ్యర్ అడిగితే ఏ డాక్టరుకైనా అనుమానం వస్తుంది.

ఐదు నిమిషాల్లో జనార్ధనరావు గౌను, టోపీ, రెండు హెయిర్ డ్రయ్యర్లతో వచ్చేశాడు. ముగ్గురూ ట్రైలర్ కింద మంచులో బోర్లా పడుకుని, పొడుగాటి తీగతో కరెంటు లాగి, ట్యాంకు అడుగున వేడిగాలి కొట్టడం మొదలుపెట్టారు.

"నేను కిందటేడే చెప్పాను, వినలేదు మీరు."

"ఏం చెప్పారు?"

"జాగ్రత్తగా ఉండమని."

"లోపల ఇరవై ఆరు డిగ్రీలుందండీ! పైపు ఎలా గడ్డకడుతుంది?"

"శరీరానికి జ్వరం లేకపోయినా రోగం ఉంటుందండీ."

"ఇది శరీరం కాదండీ, పంపు!"

"గట్టిగా మాట్లాడకుండ్రి, పైన వదినమ్మ వింటది" అన్నాడు కొమరయ్య.

జనార్ధనరావు ఒక చేత్తో డ్రయ్యర్ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ తీశాడు. మూడు కుటుంబాలకీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో క్యాంపింగ్ విషయాలు తప్ప పెట్టకూడదని నియమం, పువ్వుల శుభోదయాలు తప్ప వేరేవి రావు. ఆయన అందులో ఇలా రాశాడు: 'భీమారావు గారి పైపు గడ్డకట్టింది. ఎవరి దగ్గరైనా ఇంకో హెయిర్ డ్రయ్యర్ ఉంటే తేగలరు. దయచేసి సూర్యకుమారి గారికి మాత్రం చెప్పవద్దు.'

గ్రూపు పెట్టిందే సూర్యకుమారి.

పైన టంగ్‌మని ఫోన్ మోగిన శబ్దం ముగ్గురికీ వినిపించింది. తరవాత తలుపు తెరుచుకుంది.

"ఏవండీ."

భీమారావు మంచులోంచి తల బయటపెట్టాడు. కనుబొమ్మల మీద మంచు పేరుకుంది.

"కుళాయి ఆగిందట కదా."

"ఆగలేదు. ఆలోచిస్తోంది. మంచం కింద ఇరవై ఆరు డిగ్రీలుంది, కావాలంటే చూడు."

"ఒప్పందం అంటే ఒప్పందం కదమ్మా" అన్నాడు జనార్ధనరావు, ట్రైలర్ కింద నుంచే. గొంతులో సానుభూతి తక్కువగా ఉంది. "బాధపడకండి భీమారావు గారూ. మా అల్లుడు బాగా చూసుకుంటాడు. మీకు ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు వచ్చి చూడండి."

అంతలో సరోజన కూడా కొంగు మీద కోటు, కోటు మీద శాలువా కప్పుకుని వచ్చింది. అందరూ గుమ్మం దగ్గర బూట్లు విప్పి లోపలికెక్కారు. ఐదుగురు ఒకేసారి ఊపిరి వదిలేసరికి కిటికీలన్నీ తెల్లబడ్డాయి.

"ముందు మంచం ఎత్తండి, పంపు చూద్దాం" అన్నాడు జనార్ధనరావు, కాబోయే యజమానిలా.

"మంచం ఎత్తక్కర్లేదు" అంది సూర్యకుమారి.

"అవును, అవసరం లేదు. చలి లోపలికి వస్తుంది" అంది సరోజన.

భీమారావు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తరవాత వంగి, పరుపుతో సహా మంచం పలక పైకెత్తాడు.

పంపు ఒక మూల ఒంటి మీద గుడ్డ లేకుండా ఉంది. పైపు మీద తెల్లగా నూగు మంచు. ప్యాడ్ లేదు. రేకు దుప్పటి లేదు. రెండో మూల పెద్ద స్టీలు గిన్నె ఉంది. దాని నడుముకి హీటింగ్ ప్యాడ్ చుట్టి ఉంది. ప్యాడ్ మీద రేకు దుప్పటి శాలువాలా భుజాల వరకూ కప్పి ఉంది. ప్యాడ్‌కి అతికించిన థర్మామీటర్ గిన్నెకి ఆనుకుని హాయిగా ఉంది. గిన్నె మూతని పక్కకి నెట్టి పిండి పైకి లేచింది, అంచు దాటింది, ట్యాంకు మీదుగా నిదానంగా కిందికి దిగుతోంది. దాని పక్కనే సరోజన పెరుగు గిన్నె కూడా ఉంది. కదిపినా కదలనంత గట్టిగా తోడుకుని ఉంది.

ఫోన్ మోగింది. ఇరవై ఆరు డిగ్రీలు. అంతా సవ్యం.

"ఒక్క రాత్రికే కదా అనుకున్నా" అంది సూర్యకుమారి, మెల్లిగా. "పంపుకి ఒక్క పూట చలేస్తే ఏమవుతుందిలే అనుకున్నా. అది మనిషా ఏమన్నానా?"

భీమారావుకి కోపం, ఆశ ఒకేసారి వచ్చాయి. మొదట ఆశనే బయటికి తీశాడు.

"చూశారా? పంపు తప్పు లేదు, నా తప్పు లేదు! నా ఏర్పాటు పనిచేసింది! తీసేసింది నువ్వు! ఒప్పందం చెల్లదు!"

"కుళాయి ఆగినా అనుకున్నారు గానీ, ఎవరి వల్ల ఆగినా అనుకోలేదు కదండీ" అన్నాడు జనార్ధనరావు.

"మీరుండండి అన్నయ్య గారూ" అంది సూర్యకుమారి.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని గిన్నెలోకి చూసింది. వేలితో ముట్టుకుంది. బుడగ ఒకటి పగిలింది. వేలు నాకి చూసింది. కెనడా వచ్చాక ఇరవై తొమ్మిది చలికాలాల్లో ఆమె పిండిని ఓవెన్‌లో దీపం వేసి పెట్టింది, కంబళి కప్పింది, ఫర్నేస్ పక్కన పెట్టింది, ఒకసారి మొగుడి కోటు తొడిగింది. ఒక్కసారీ ఇలా పొంగలేదు. సరోజన కూడా పక్కన కూర్చుని చూస్తోంది. పురిటి గదిలోకి తొంగి చూసే బంధువులా ఉంది.

"ట్రైలర్ అమ్మేది లేదు" అంది సూర్యకుమారి.

"ఒప్పందం?" అన్నాడు జనార్ధనరావు.

"మీ అల్లుడికి పిండి రుబ్బడం వచ్చా?"

రాదని జనార్ధనరావు ఒప్పుకోక తప్పలేదు.

తొమ్మిదింటికి దోసెలు మొదలయ్యాయి. అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, చిల్లులు చిల్లులుగా వచ్చాయి. కొమరయ్య పదకొండు తిని, లెక్క తప్పిందని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. అల్లుడి సంగతి మర్చిపోయి జనార్ధనరావు పచ్చడి రెండోసారి అడిగాడు. ట్రైలర్ మిగిలింది కాబట్టి భీమారావు కూడా సంతోషంగానే ఉన్నాడు, నాలుగో దోసె దాకా.

"సరే, ఇక ఆ ప్యాడ్ తీసి పంపుకి చుట్టేస్తా" అని లేచాడు.

"కూర్చోండి. ఇంకా సగం గిన్నె ఉంది. సాయంత్రానికి ఊతప్పాలు" అంది సూర్యకుమారి.

"అయితే ఇంకో ప్యాడ్ కొంటా. పంపుకి విడిగా."

"కొనండి. ఇడ్లీ పిండికి పనికొస్తుంది."

"మా పెరుగుకి కూడా చోటుంచండి వదినా. వచ్చేసారి రెండు గిన్నెలు తెస్తా" అంది సరోజన.

"మరి నీళ్లు?" అన్నాడు భీమారావు. ఆ ప్రశ్న ఆయన చాలా మామూలుగా అడిగాడు. దానికి జవాబు అందరికీ తెలుసు. అందరూ గుమ్మం పక్కనున్న ఖాళీ నీళ్ల క్యాన్ల వైపు చూశారు.

"పోయి రాండ్రి అన్నా" అన్నాడు కొమరయ్య, దోసె మడతపెడుతూ. "వాష్‌రూమ్ బిల్డింగు దగ్గరనే గదా. మీరు రాంగనే చాయ్ పెడతరు."

భీమారావు బయట బూట్లు పీక్కున్నాడు. కుడిది వచ్చింది. ఎడమది రెండు నిమిషాలకి వచ్చింది. రెండు క్యాన్లూ రెండు చేతుల్లో పట్టుకుని, జారే దారిలో చిన్న చిన్న అడుగులేస్తూ మూడు వందల గజాలు నడిచాడు. నింపుకుని తిరిగొచ్చేటప్పుడు కోటు జేబులో ఫోన్ మోగింది. తీసి చూడటానికి చేతులు ఖాళీ లేవు. చూడాల్సిన అవసరం కూడా లేదు, అందులో ఏముంటుందో ఆయనకి తెలుసు. ఇరవై ఆరు డిగ్రీలు. అంతా సవ్యం.