జపాను దయ్యం

పెనం మీది జొన్నరొట్టెకు తడి అద్దుతుంటే మా ఆయన వంటింటి గడప అవతల నిలబడి, "మరి కొండ నోరు మూసుకున్నంక ఎట్ల బయటపడతడు?" అని అడిగాడు.

చేతిలో పెన్సిలు, బడి నుంచి తెచ్చిన సగం రాసిన నోటుపుస్తకం. ఆయన ఆ గడప దాటి లోపలికి రాడు. పొగకు కళ్లు మండుతాయట. నాకు మండవని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు.

"ఎవరు బయటపడాలె?" అన్నాను, తెలిసి కూడా.

"రాకుమారుడు."

"రాకుమారుని సంగతి నాకు తెల్వదు. పిల్లయితే బయటపడతది."

"సరే, పిల్లే అనుకో. జల్ది చెప్పు, బడికి యాల్లయితాంది."

రొట్టె తిరగేశాను. కథ నా దగ్గరికి ఎప్పుడూ అలాగే వస్తుంది, చేతులు వేరే పనిలో ఉన్నప్పుడు. "కొండ ఉరికేటోళ్లనే మింగుతది. ఉరికినకొద్దీ మెత్తగ లోపలికి జారతరు. పిల్ల ఉరకదు. ఉన్న కాడనే కూసుంటది. గొంతుల ముల్లు ఉన్నట్టు కొండకు కసకస అంటది. దగ్గొస్తది. ఒక్క దగ్గుకు పిల్లతోని పాటు ఊరు ఊరంత బయటపడతది."

ఆయన గబగబా రాసుకున్నాడు. బాగుందని అనలేదు. ఎన్నడూ అనడు. "రొట్టె మాడుతున్న వాసన వస్తాంది, చూసుకో" అని వెళ్లిపోయాడు. ఆ తరువాతి శుక్రవారం హైదరాబాదు నుంచి వచ్చిన వారపత్రికలో కొండ దగ్గింది. కింద పేరు, కె. దశరథం, ఉపాధ్యాయుడు, కొత్తకోట.

ఆ కథ ఎక్కడిదో చెప్పాలి. మా బాపు ఎల్లస్వామి పోచంపల్లిలో మగ్గాలు మూతపడ్డ రోజుల్లో నిజాం పలటన్‌లో దర్జీగా చేరి మలయా పోయాడు. అక్కడ జపాను వాళ్లకు పట్టుబడి మూడున్నరేళ్లు ముళ్లకంచె వెనక ఉన్నాడు. తిరిగి వచ్చేనాటికి నాకు ఎనిమిదేళ్లు. అమ్మ అప్పటికే పోయింది, మేనత్త నర్సింగమ్మ సాకుతోంది. గడ్డం పెరిగిన ఆ మనిషిని చూసి నేను మేనత్త కొంగు వెనక దాక్కున్నాను. ఆయన నన్ను రమ్మనలేదు. సంచిలోంచి ఒక పుస్తకం తీసి నేల మీద పెట్టి, తాను దూరంగా జరిగి కూర్చున్నాడు. నేనే మెల్లగా పుస్తకం దగ్గరికి వచ్చాను.

దాని నిండా బొమ్మలు. పేజీకి ఆరు గళ్లు, గడికొక బొమ్మ. మనుషుల నోళ్ల పక్కన బుడగలు, బుడగల్లో చీమలు బారులు తీరినట్టు అక్షరాలు. పొట్టి జుట్టు పిల్ల ఒకతె నడుముకు కత్తి కట్టుకొని పేజీ పేజీలో నడుస్తుంటుంది. ఆమె వెంట ఒంటికాలి మీద గెంతే ఒంటికన్ను గొడుగు. రెక్కలున్న పొడుగుముక్కువాడు. నోరున్న కొండ.

"క్యాంపుల ఒక జపాను సిపాయి అంగీ కుట్టిచ్చిన్నని ఇచ్చిండు. వాని బిడ్డదంట" అన్నాడు బాపు. "కత చెప్పిండు గని నాకు సమజ్ కాలే. నువ్వే చూసి చెప్పు."

అలా నేను చెప్పడం మొదలుపెట్టాను. ముందు అంతా తలకిందులుగా వచ్చింది. చచ్చినవాళ్లు లేచారు, కాలిన ఇళ్లు నిలబడ్డాయి. నాలుగు రోజులు తిప్పలు పడ్డాక, బాపు నాకు నేర్పుతున్న ఉర్దూ కితాబులాగా దీన్నీ కుడివైపు నుంచి తెరవాలని తెలిసింది. అప్పుడు పిల్ల నడక సరైన దారిన పడింది. పొడుగుముక్కువాడు అబద్ధాన్ని వాసన పడతాడని, గొడుగు ప్రతి వానకూ సణుగుతుందని, కొండ మింగిన ఊళ్లోంచి వాళ్లమ్మను తెచ్చుకోవడానికే పిల్ల బయలుదేరిందని నేనే కనిపెట్టాను. బాపు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని, "అటెన్క?" అనేవాడు. పుస్తకంలో పేజీలు అయిపోయినా నా కథ అయిపోలేదు. నా పెళ్లి దాకా సాగింది. పెళ్లయిన మరుసటేడు బాపు పోయాడు. పుస్తకం నా పెట్టెలో మిగిలింది, పెట్టె తాళంచెవి మా అత్త భద్రమ్మ మొలలో.

మా ఆయన మొదట ఆ పుస్తకాన్ని చూసి నవ్వాడు. ఎడమ నుంచి తిరగేస్తూ, "తలా తోక లేదు" అన్నాడు. "ఉర్దూ కితాబు లెక్క అటు దిక్కు నుంచి తెరవాలె" అన్నాను. "పంతులుకే పాఠమా?" అని దాన్ని మంచం మీద పడేశాడు. అయితే పక్కింటి బిక్షమ్మ బిడ్డలిద్దరూ మధ్యాహ్నం పూట నా దగ్గర కూర్చొని కథ వింటుంటే, గోడ అవతల ఆయన కూడా విన్నాడు. విన్నది రాసి పత్రికకు పంపాడు. అచ్చయింది. అచ్చయ్యాకే నాకు చూపించాడు.

పొట్టి జుట్టు పిల్ల అందులో లేదు. ఆమె ఉండవలసిన చోట తలపాగా పెట్టుకొని ఒక రాకుమారుడున్నాడు.

"పిల్ల ఏది?" అన్నాను.

"ఆడపిల్ల కత్తి పట్టుకొని సముద్రాలు దాటుడేంది? అమ్మ అయ్య ఏం చేస్తున్నరని అడుగరా? నవ్వుతరు" అన్నాడు.

మా నల్లగొండ దిక్కున ఆడవాళ్లు తుపాకులు పట్టుకొని గుట్టలెక్కి ఎన్నేళ్లో కాలేదని అందామనుకున్నాను. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తు తెచ్చుకుంటూ నిలబడ్డాను. అప్పుడు అననందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. అయితే నేను అనని మాటలన్నీ అలాగే పోయాయి, ఉప్పులోనో నీళ్లలోనో.

ఏడాదిన్నర నడిచింది ఆ సీరియల్. వారం వారం గడప దగ్గర ఆయన పెన్సిలు, నా చేతిలో పిండో పేడో. ఒక్కసారి మాత్రం నన్ను అడగకుండా తానే రాశాడు. రాకుమారుడి కత్తితో పొడుగుముక్కువాడిని చంపించాడు. పది రోజుల్లో ఉత్తరాలు వచ్చిపడ్డాయి. వాడు లేకపోతే ఇక చదివేది లేదన్నారు. పత్రికవాళ్లు ఎలాగైనా వాడిని బతికించమని కార్డు రాశారు. ఆయన ముఖం వేలాడేసుకొని గడప దగ్గరికి వచ్చాడు.

"సచ్చింది వాడు కాదు" అన్నాను, అంట్లు తోముతూ. "వాడు తీసి పారేసిన ముక్కు. ముక్కు లేనోన్ని ఎవలు గుర్తువడతరు? వాడిప్పుడు మీ రాకుమారుని డేరాలనే ఉన్నడు. వంటోడై."

ఆయన కాసేపు నా వైపు చూశాడు. ఆ చూపులో మెప్పు లేదు, భయం ఉంది. బావిలో నీళ్లున్నాయి కానీ చేద తన చేతిలో లేదని తెలిసిన మనిషి చూపు. అప్పటి నుంచి ఎవరైనా ఇంటికొస్తే నన్ను ముందుగదిలోకి రానివ్వడం మానేశాడు. అత్త మాత్రం వచ్చినవాళ్లందరితో, "మా దశరథానికి సరస్వతి పలుకుతది, పెండ్లాం మాత్రం మట్టిబుర్ర" అనేది.

ఆ సరస్వతిని చూడడానికి ఎండాకాలంలో సంపాదకుడే వచ్చాడు. కర్నూలు పోతూ దారిలో బస్సు దిగాడు. నేను తెల్లారగట్ల లేచి పప్పు రుబ్బి గారెలు చేశాను. తలుపు వెనక నుంచి పళ్లెం అందిస్తుంటే మాటలు వినిపించాయి.

"ఇంత ఊహ మీకు ఎక్కడి నుంచి వస్తుందండీ?" అన్నాడు సంపాదకుడు.

"అట్ల వస్తయి. పొద్దుగాల చెరువు దిక్కు నడుస్తుంటే తోస్తయి."

"మీ ఆవిడ చదువుతారా?"

"ఆమెకు కతల మీద ధ్యాస లేదు. పొయ్యే ఆమె లోకం."

సంపాదకుడు నవ్వి, సంచిలోంచి వార్తాపత్రికలో చుట్టిన ఒక పొట్లం తీశాడు. "మీరు పంపిన జపాను పుస్తకం. మా ఆర్టిస్టు బాగానే వాడుకున్నాడు."

అది నా పెట్టెలో ఉందనుకుంటున్నాను నేను. ఏడాదిన్నరగా అనుకుంటూనే ఉన్నాను. అత్త ఆ పొట్లం తెచ్చి వంటింట్లో ఒక మూల పెట్టింది. విప్పాను. పేజీలకు కిటికీలు కోసినట్టు కోసేశారు. కొండను కత్తిరించుకున్నారు, గొడుగును, రెక్కలను, ముక్కును, సముద్రాన్ని. పిల్ల ఒక్కతే మిగిలింది. వాళ్ల రాకుమారుడికి ఆమెతో పని లేదు కదా. ప్రతి పేజీలోనూ, చుట్టూ ఏమీ లేనిచోట, కత్తి దూసి ఎవరి మీదికో తెలియకుండా నిలబడి ఉంది.

నాకు ఏడుపు రాలేదు. పొయ్యి మీది చాయ్ దించాను, చేతులు తుడుచుకున్నాను, ముందుగదిలోకి నడిచాను.

"ఇది మా బాపు తెచ్చిన పుస్తకం" అన్నాను సంపాదకుడితో. "కత నేను చెప్పిన. ఈయన రాసుకున్నడంతే. పొడుగుముక్కోడు నావోడు. గొడుగు నాది. పిల్లను మీరు తీసేసిండ్రు, ఆమె కూడ నాదే."

సంపాదకుడు గ్లాసు కింద పెట్టి, నా వైపు కాకుండా ఆయన వైపు చూశాడు. మగవాళ్ల మధ్య ఆ చూపు ఎలా ఉంటుందో ప్రతి ఆడదానికీ తెలుసు.

"ఆమెకు జర పానం మంచిగ లేదు" అన్నాడు ఆయన, నెమ్మదిగా. "ఏమనుకోకుండ్రి."

"ఫరవాలేదండీ, ఎండలు కదా" అన్నాడు సంపాదకుడు. గారెలు బాగున్నాయని కూడా అన్నాడు.

సంపాదకుడు బస్సెక్కాక ఇంట్లో ఎవరూ నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది, గొడవ గొడవలాగా ఉండేది. అత్త నా ముఖంలోకి పరీక్షగా చూసి, "దయ్యాల కతలు చెప్పి చెప్పి దీనికి దయ్యం వట్టింది. అది మన దేశపుది కాదు, జపానుది. ఆ పుస్తకంల వచ్చింది" అని తేల్చింది. బడిలో పిల్లలకు దయ్యాలు లేవని పాఠం చెప్పే మనిషి ఆ మాట విని ఊరుకున్నాడు. భార్యకు దయ్యం పట్టిందంటే ఆయనకు నయమే. నేను చెప్పింది నిజమంటేనే నష్టం.

ఆదివారం పొద్దున కొల్లాపూరు దిక్కు నుంచి మల్లప్ప అనే మంత్రగాడిని పిలిపించారు. వాకిట్లో ముగ్గు వేసి, నన్ను మధ్యలో కూర్చోబెట్టి, సాంబ్రాణి పొగ వేశారు. బిక్షమ్మ, వాళ్ల పిల్లలు, వాడకట్టు ఆడవాళ్లు గోడ పక్కన నిలబడ్డారు. ఆయన మంచం మీద కూర్చొని వార్తాపత్రికను ముఖానికి అడ్డంగా పట్టుకున్నాడు.

మల్లప్ప వేపరెమ్మతో నా భుజం మీద కొట్టి, "ఎవలు నువ్వు? పేరు చెప్పు" అన్నాడు.

"అండాలు."

"అది గీ పిల్ల పేరు. నీ పేరు చెప్పు."

"అండాలునే. ఎల్లస్వామి బిడ్డను."

మళ్లీ రెమ్మ. ఈసారి గట్టిగా. చెంప మీద ఆకులు గీసుకున్నాయి. దయ్యాన్ని కాదని చెప్పడానికి ఇంకోసారి నోరు తెరిచాను. ఎదురుగా బిక్షమ్మ చిన్నబిడ్డ కళ్లు ఇంతేసి చేసుకొని నన్నే చూస్తోంది. నా పేరు నేను చెబితే దెబ్బ పడుతోంది. తెరిచిన నోరు మూసుకున్నాను.

"ఏడికెల్లి వచ్చినవ్?" అన్నాడు మల్లప్ప.

"జపానుకెల్లి" అన్నాను.

రెమ్మ ఆగింది. మా అత్త రెండు చేతులూ జోడించింది. ఆరేళ్లలో నాకు ఆమె ఒక ముద్ద అన్నం కూడా వంగి వడ్డించలేదు. వార్తాపత్రిక కొంచెం కిందికి దిగింది.

మల్లప్ప గొంతు మెత్తబడింది. "తల్లీ, ఏం కావాలె నీకు? కోడి కావాల్నా, కల్లు కావాల్నా? ఏమడిగినా ఇస్తరు. చెప్పు."

ఏం కావాలె నీకు. పెళ్లయ్యాక ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి అతనే. అదీ నన్ను కాదు. నవ్వొచ్చింది. అణుచుకుంటే ఒళ్లు ఊగింది, ఆడవాళ్లు ఒక అడుగు వెనక్కి జరిగారు. నాకేం కావాలో వెతుక్కోవలసి వస్తుందనుకున్నాను. అవసరం రాలేదు. అన్నీ వరసగా ఉన్నాయి.

"పెట్టె తాళంచెవి కావాలె" అన్నాను.

అత్త మొలలోంచి తీసి నా ముందు పెట్టింది, దూరం నుంచి.

"ఈ పిల్ల పోచంపల్లి పోవాలె. మేనత్త ఇంటికి. ఒక్కతే పోవాలె, బస్సుల. ఈ మనిషి ఎంట రావద్దు, ఉత్తరం రాయొద్దు. అక్కడ మగ్గం మీద కూసోవాలె."

ఏ దయ్యమూ బస్సు అడగడం మల్లప్ప విని ఉండడు. అయినా పెద్దమనిషి, తల ఊపాడు. "ఇయ్యకుంటే ఏం చేస్తవ్?"

"ఈ ఇంట్లనే ఉంట" అన్నాను.

ఆయన మంచం మీది నుంచి లేచాడు. వార్తాపత్రిక కింద పడింది. ఆయనకు తెలుసు. ఆ వాకిట్లో నా గొంతు నాదేనని తెలిసినవాడు ఆయన ఒక్కడే. ఆ మాట చెప్పాలంటే మిగతాది కూడా చెప్పాలి. "రేపు పొద్దుగాల పట్నం బస్సు ఉంది" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

అత్త చేతులు జోడించుకొనే రెండడుగులు ముందుకు వచ్చింది. "అట్లనే పంపుతం తల్లీ. మా కోడలిని ఎన్నడు ఇడిచి పెడతవ్? అది మల్ల ఎన్నడొస్తది? ఇంట్ల పని ఎవలు చేస్తరు?"

"కత ఒడిసినంక వస్తది" అన్నాను.

ఆ కథ ఎంత పొడుగో నాకు తప్ప ఎవరికీ తెలియదు.