రెండొందల తట్టలు

నాకు నోటి తొందర ఎక్కువ. యానాంలో ఉన్నన్నాళ్ళూ అందుకు మా అమ్మ తిట్టేది. పుదుచ్చేరికి బదిలీ అయ్యాక ఆ పని మా ఆఫీసరు దేవరాజన్ సార్ చూసుకుంటున్నారు.

ఆఫీసుల్లో ఇకమీదట మట్టిలో కలిసిపోయే వస్తువులే కొనాలని ఉత్తర్వు వచ్చింది. కొనుగోళ్ళ గుమాస్తాను నేనే. శిక్షణ తరగతి భోజనాలకు థర్మోకోల్ ప్లేట్లు మానేసి, దగ్గర్లోని ఏంబలం ఊరి ఆడవాళ్ళ సంఘం వక్కమట్టలు నానబెట్టి, నొక్కి చేసే ప్లేట్లు తెప్పిద్దామన్నాను. సార్ మూతి ముడిచారు.

"ఈ ఒక్కసారి చూద్దామ్మా. చెడిందా, మళ్ళీ పాత కాంట్రాక్టరే."

సంఘం పెద్ద మునెమ్మక్క ప్లేట్లు నొక్కే మిషను దింపించిందే మా ఆర్డర్ల మీద ఆశతో.

ఇక్కడ అరవంలో ప్లేటును తట్టు అంటారు. మునెమ్మక్కది తరాలనాటి తెలుగిల్లు. ఆమెతో సొంత మనిషిలా మాట్లాడాలని సరదాపడి, ఆ తట్టును నేనే తెలుగు చేసేసి, ఫోన్లో "రెండొందల తట్టలు కావాలక్కా" అన్నాను.

"తట్టలా? ఎంతవిమా?"

"ఒక మనిషి అన్నం పట్టాలి."

"అట్నే చేసిస్తాం."

భోజనాల రోజు పదకొండింటికి టెంపో వచ్చింది. నిండా తాటాకు బుట్టలు! తట్టంటే బుట్టని నాకు తెలియదా? తెలుసు! ఫోన్ చేసినప్పుడు నా బుర్ర ఏ గడ్డి మేస్తోందో మరి.

"యాడ దించాలమ్మా? పదకొండు మందిమి నాలుగు దినాలు కూసోని అల్లినాం" అంది మునెమ్మక్క, మొహం వెలిగిపోతుంటే.

జరిగింది చెప్పాను. ఆమె ఒక బుట్ట నెత్తిన బోర్లించుకుని పడీపడీ నవ్వింది. నాకూ నవ్వాగలేదు. ఇంతలో ఆమె నవ్వు ఆపేసి, "మరి మా మిషను గతేందిమా?" అంది. నేనొక బుట్ట అందుకుని తిప్పితిప్పి చూశాను.

"అక్కా, ఇందులో సాంబారు పోస్తే?"

"నీ కాళ్ళ మీదికొస్తాది."

"అరిటాకు!" అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఆకుల కోసం మార్కెట్టుకు పరుగెత్తాను. వంటాయన ముకుందన్‌ని నేను కాళ్ళావేళ్ళా పడి బతిమాలితే, గొణుక్కుంటూనే సాంబారు అన్నంలో కలిపేశాడు. బుట్టకో ఆకు, ఆకులో సాంబారన్నం, మీద అప్పడం.

అబ్బ, ఆ సందడి చూడాలి! బల్లలు వదిలేసి, పెద్దపెద్ద ఆఫీసర్లు బుట్టలు ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. ఒకరి అప్పడం ఇంకొకరు ఎత్తుకెళ్ళారు. చెత్తడబ్బాలో ఆకులు తప్ప ఏమీ పడలేదు. బుట్టలు కడుక్కుని అందరూ ఇళ్ళకు పట్టుకుపోయారు.

దేవరాజన్ సార్ రెండోసారి వడ్డించుకుంటూ, "ఎన్నమ్మా ఇదు? ప్లేట్లు కదా చెప్పావు?" అన్నారు.

"తప్పు నాది సార్, అక్కది కాదు" అని ఉన్నదంతా కక్కేశాను. ఆయన పొలమారేదాకా నవ్వి, ఏడాదంతా ప్లేట్లు వాళ్ళ దగ్గరే కొనేలా ఫైలు తెమ్మన్నారు.

మునెమ్మక్క అడ్డం పడింది. "ఈయమ్మ నోటిమాట నేను నమ్మను సార్. అరవం రాత ఈయమ్మకు రాదు, తెలుగు రాత నాకు రాదు. బొమ్మేసియ్యమనండి."

వేశాను. సర్కారు కాగితం మీద గుండ్రంగా ఒక ప్లేటు. దాని కింద సార్ సంతకం పెట్టారు.

మునెమ్మక్క ఆ గుండ్రాన్ని వేలితో ఒకసారి తడిమింది. నాకు కళ్ళు చెమర్చాయి. ఆమె అప్పటికే ఫోన్లో ఏంబలం అదిరేలా అరుస్తోంది.

"మట్టలు నానబెట్టండే!"