అట్ట చాటు పాచిక

క్లైవ్ ట్రిఫెట్ అబద్ధాలాడే మనిషి కాదు. స్ట్రాన్ లాంటి చిన్న రేవు ఊళ్లో స్కూలు బస్సు నడిపేవాడికి అబద్ధం చెల్లదు, పిల్లలే పట్టేసి ఇంటింటా చాటుతారు. కానీ ఆదివారం మధ్యాహ్నాలు తన వంటింటి బల్ల మీద అట్ట నిలబెట్టి, దాని చాటున పాచిక వేసేటప్పుడు మాత్రం ఏడాదిగా ఆడుతూనే ఉన్నాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడటంలేదనుకున్నాడు.

ఆ ఆటలో ఒకడు లోకాన్ని నడుపుతాడు. చీకటి గుహలు, వాటిలో రాక్షసులు, ఏ బండ కింద ఏ ఉచ్చు ఉందో అంతా అతని చేతిలో ఉంటుంది. మిగిలినవాళ్లు తలొక వీరుణ్ణి కాగితం మీద రాసుకుని, వాడేం చేస్తాడో నోటితో చెబుతారు. చేసిన పని ఫలించిందో బెడిసికొట్టిందో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. చావూ బతుకూ దాని దయే. అయితే రాక్షసుల తరఫు పాచిక మాత్రం నడిపేవాడు అట్ట చాటున వేస్తాడు, ఎదుటివాళ్లకు అంకె కనపడదు. క్లైవ్ చేతివాటమంతా అక్కడే.

అదంతా బ్రాగో కోసం. బ్రాగో లాంతరు పట్టుకుని అందరికన్నా ముందు నడిచే పొట్టి వీరుడు. వాణ్ణి రాసుకున్నది ఎరల్. సముద్రంలో లాబ్‌స్టర్ల వేటకు వెళ్లే ఎరల్ కిందటి శీతాకాలం హార్బరు మూతి దగ్గర పడవ తిరగబడి పోయాడు. పాతవాళ్లు ఆ చోటికి నరకద్వారమని ఊరికే పేరు పెట్టలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. శవం లేకుండానే చర్చిలో పాటలు పాడి, టీ తాగి, అందరూ ఇళ్లకు పోయారు. కొన్నాళ్లకు అతని భార్య నరెల్ ఒక ఆదివారం వచ్చి ఎరల్ కుర్చీలో కూర్చుని, "బ్రాగోని నేనాడిస్తా" అంది. అంతకుముందు ఆమెకు ఈ ఆటంటే వెక్కిరింత.

బ్రాగో కాగితం మీద రాత ఎరల్‌ది. దాని మూలన ఉన్న టీ మరకా ఎరల్‌దే. ఆ బల్ల దగ్గరి నియమం పెట్టిందీ అతనే. వీరుడు చస్తే వాడి కాగితం పొయ్యిలో పడాలి, ఆట నడిపి చంపినవాడే తన చేత్తో వెయ్యాలి. "చంపేవాడికి నొప్పి తెలియాలిరా, లేకపోతే ఊరికే చంపుకుంటూ పోతాడు" అనేవాడు. క్లైవ్‌కి చిన్నప్పటినుంచీ ఉన్న స్నేహితుడు ఆ ఒక్కడే. అతని రాతను నిప్పుల్లో వెయ్యడం తన వల్ల కాదు. అందుకని రాక్షసుల దెబ్బలన్నీ గురి తప్పాయి, ఉచ్చులన్నీ తుప్పు పట్టాయి.

దాంతో ఆట చప్పబడిపోయింది. అది క్లైవ్‌కి తెలుసు, తెలిసీ ఊరుకున్నాడు.

ఆ ఆదివారం వాన విడవకుండా కురుస్తోంది. నరెల్ తెచ్చిన, ఆల్చిప్పల మాంసం కూరిన రొట్టె పొయ్యి మీద వెచ్చబడుతోంది. మూడో మనిషి గస్, పబ్బులో వంటవాడు, ఆటలో అతని వీరుడు ఒక దొంగ. వీరులిద్దరూ భూమి అడుగున ఒక గోతి అంచుకు చేరారు.

"తాడు కడతావా?" అన్నాడు క్లైవ్.

"తాడెందుకు గురూ, దూకేస్తా," అన్నాడు గస్, కుర్చీలో వెనక్కి వాలుతూ. "మీ రాక్షసులకి పళ్లెప్పుడో రాలిపోయాయి. చిగుళ్లతో చప్పరించి వదిలేస్తాయి."

ఇద్దరూ గోతిలోకి దిగగానే, అక్కడున్న జంతువు బ్రాగో మీదికి దూకింది. క్లైవ్ అట్ట చాటున పాచిక వేశాడు. పంతొమ్మిది, అంటే దెబ్బ గట్టిగా తగిలినట్టే.

"తప్పింది," అన్నాడు.

"చూశావా?" అని గస్ నవ్వాడు. నరెల్ నవ్వలేదు.

"ఆ అట్ట తియ్యి, క్లైవ్."

"ఎందుకు? ఆట అంటేనే..."

"పాచిక పడ్డాక నువ్వు ఊపిరి బిగబడతావు. నిజంగా తప్పినప్పుడు బిగబట్టవు. నాకు మొదటి నెలలోనే తెలిసింది."

క్లైవ్‌కి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నీకోసమే చేశాను" అన్నాడు. అది సగమే నిజం.

"నాకోసమా?" నరెల్ గొంతు పెంచలేదు. "ఆయన వేటకెళ్లిన ప్రతిసారీ కిటికీ దగ్గర భయపడుతూ కూర్చునేదాన్ని. తిట్టుకునేదాన్ని. ఇప్పుడా భయం కూడా లేదు నాకు. మళ్లీ ఒక్కసారి ఆయన కోసం భయపడదామని వచ్చాను ఇక్కడికి. నువ్వేమో ఆయన్ని బీరువాలో పెట్టి తాళం వేశావు. సముద్రం అట్ట చాటున వెయ్యలేదు కదా పాచిక."

గస్ రొట్టె ముక్క నోటిదాకా తెచ్చి మళ్లీ కంచంలో పెట్టేశాడు. క్లైవ్ అట్ట మడిచి నేలమీద పడేశాడు. బిస్కెట్ డబ్బా మూత ఒకటి తీసి బల్ల మధ్యన పెట్టాడు.

"ఇక దాపరికం లేదు," అన్నాడు. "జంతువు పారిపోయింది, గోతిలోకి నీళ్లొస్తున్నాయి. పైన, నిచ్చెన చివర ఇనుపతలుపు ఉంది. ఒకరు గొలుసు లాగి పట్టుకుంటేనే అది తెరుచుకుని ఉంటుంది, రెండోవాళ్లు ఎక్కిపోవచ్చు. పట్టుకున్నవాళ్ల సంగతి చెప్పలేను."

"నేను పట్టుకుంటా," అన్నాడు గస్ వెంటనే. వేళాకోళం ఎటుపోయిందో పోయింది. "నరెల్, నా దొంగ పోతే పోయాడు. ఆ వెధవ బదులు ఇంకొకణ్ణి రాసుకుంటా."

"బ్రాగో అయితే ఏం చేస్తాడో నీకూ తెలుసు," అంది నరెల్. "గొలుసు బ్రాగో పట్టుకున్నాడు. నువ్వు ఎక్కు."

నీళ్ల తరఫున పాచిక క్లైవే వెయ్యాలి. పదిహేను దాటితే బ్రాగో పట్టు జారుతుంది. మూతలో పాచిక గలగల తిరిగి ఆగింది. నాలుగు. గస్ దొంగ నిచ్చెన మొదటి మెట్లెక్కాడు. క్లైవ్ మళ్లీ వేశాడు. పద్నాలుగు. నరెల్ బల్ల అంచు పట్టుకుంది, ఆమె పెదవులు తెల్లబడ్డాయి. ఏడాదిలో మొదటిసారి ఆ బల్ల దగ్గర అందరికీ ఒకే భయం వేసింది. బతుకుతాడేమోనని క్లైవ్‌కి పిచ్చి ఆశ కూడా పుట్టింది. గస్ దొంగ తలుపు దాటి బయటపడ్డాడు, పైనుంచి తాడు వేసేదాకా బ్రాగో ఇంకొక్క పాచిక నిలబడాలి.

మూడోసారి పాచిక పద్దెనిమిది దగ్గర ఆగింది.

గస్ మూత మీదికి వంగాడు. "మూత అంచుకి తగిలింది, నేను చూశాను. అంచుకి తగిలితే మళ్లీ వెయ్యాలి. ఎప్పుడూ అంతేగా?"

అంతే. అదీ వాళ్ల నియమమే. పాచిక అంచుకు తగల్లేదని గస్‌కీ తెలుసు. అయినా ఒక్క మాట చాలు, బ్రాగో బతుకుతాడు, ఆ రాత మిగులుతుంది. నరెల్ క్లైవ్ వంకే చూస్తోంది.

"తగల్లేదు," అన్నాడు క్లైవ్.

నరెల్ కళ్లు మూసుకుని తెరిచింది. "ఎలా పోయాడో చెప్పు. చెప్పడం నీ పనేగా."

"లాంతరు ముందు ఆరిపోయింది," అన్నాడు క్లైవ్. "నీళ్లు చల్లగా ఉన్నాయి. ఛాతీ దాటాయి, గడ్డం దాటాయి."

"బాధపడ్డాడా?"

లేదు అనే మాట నాలుక చివరికొచ్చింది. పోలీసులూ, పాస్టరూ, ఊరు ఊరంతా ఆమెకు ఆ మాటే చెప్పారు. చెప్పినవాళ్లలో క్లైవ్ కూడా ఉన్నాడు.

"పడ్డాడు," అన్నాడు. "గొలుసు చాలాసేపు వదల్లేదు. ఊపిరి అందకపోయినా వదల్లేదు. తరవాత చేతులు మొద్దుబారిపోయాయి."

నరెల్ తల ఊపింది. "ఏమీ తెలిసుండదులే అన్నారు అందరూ. అంత ఈత వచ్చినవాడు తెలియకుండా ఎలా పోతాడు?" అంది. ఆ తరవాత ఏడ్చింది. చర్చిలో ఏడవనిదంతా ఎరల్ కుర్చీలో కూర్చుని ఏడ్చింది. గస్ తలమీది ఉన్నిటోపీ తీసి ఒళ్లో పెట్టుకుని నేలవైపు చూస్తూ కూర్చున్నాడు.

ఏడుపు తగ్గాక ఆమె కాగితం చేతిలోకి తీసుకుంది. మూలనున్న టీ మరకని ఒకసారి బొటనవేలితో నిమిరి, క్లైవ్‌కి అందించింది.

"నియమం ప్రకారం," అంది.

క్లైవ్ పొయ్యి తలుపు తెరిచి, ఎరల్ రాతను నిప్పుల మీద పెట్టాడు. తడిసిన బట్టలా అది కాసేపు అంటుకోలేదు. చివరికి అంటుకుంది. కాగితం వేసి తలుపు మూసేస్తే చాలు, నియమం అంతవరకే. అతను మూయలేదు. ముఖానికి సెగ తగులుతున్నా అక్కడే మోకాళ్ల మీద కూర్చుని, అక్షరం మిగలకుండా కాలేదాకా చూశాడు. ఎరల్ పోయేటప్పుడు దగ్గర ఎవరూ లేరు.